5 వాట్లు, మూడు పట్టీలు

చేతిలో పట్టుకునే రేడియో ఎంత దూరం అందుతుందని ఆలోచించేటప్పుడు అందరూ ముందు చూసేది వాట్లనే. 5 వాట్ల సెట్టు కన్నా 8 వాట్లది మేలని, 10 వాట్లదైతే ఇక తిరుగుండదని అనుకుంటారు. లెక్క వేసి చూస్తే సంగతి వేరు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర 5 వాట్లతో పంపిన సిగ్నల్, మధ్యలో ఏ అడ్డూ లేకపోతే, 400 కిలోమీటర్ల అవతల కూడా మామూలు రిసీవర్‌కు చక్కగా వినపడేంత బలంగానే ఉంటుంది. అంత ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని రిపీటర్‌ను (విన్నదాన్ని మళ్లీ పంపే పరికరాన్ని) హ్యామ్ రేడియో వాళ్లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు రేడియో నడిపేవాళ్లు, చేతి సెట్లతో అందుకోగలుగుతున్నది అందుకే. అదే సెట్టు నేల మీద నాలుగైదు కిలోమీటర్లు దాటేసరికి గరగరమంటుంది. అంటే కొరత శక్తిలో లేదు, దారిలో ఉంది.

ఈ ఫ్రీక్వెన్సీల దగ్గర తరంగాలు దాదాపు చూపు వెళ్లే దారినే వెళ్తాయి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి వాటికీ ఒక దిగంతం ఉంటుంది. వాతావరణం తరంగాన్ని కాస్త కిందికి వంచడం వల్ల రేడియో దిగంతం కంటికి కనిపించే దానికన్నా కొంచెం దూరంగా ఉంటుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ దూరం కిలోమీటర్లలో వస్తుంది. నిలబడ్డ మనిషి చేతిలోని సెట్టు నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉంటే దిగంతం 5 కి.మీ. అవతలి మనిషి కూడా నేల మీదే ఉంటే ఆయనది ఇంకో 5, మొత్తం 10. మధ్యలో చెట్లు, గోడలు, గుట్టలు ఉంటే ఇందులో చాలా భాగం పోతుంది. అదే సెట్టును 300 మీటర్ల కొండ మీదికి తీసుకెళ్తే దిగంతం 71 కిలోమీటర్లకు జరుగుతుంది. అందుకే నా మాట ఎప్పుడూ ఒకటే: ముందు ఎత్తు, తర్వాత యాంటెన్నా, అన్నిటికన్నా చివర వాట్లు. 5 వాట్లను 10 చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు (బలాల తేడాను చెప్పే కొలత). అవతలి వాళ్లకు ఆ తేడా తెలిసీ తెలియనట్టు ఉంటుంది. బ్యాటరీకి మాత్రం బాగా తెలుస్తుంది.

ఎత్తు మన చేతిలో లేనప్పుడు మిగిలేది యాంటెన్నా. సెట్టుతో పాటు వచ్చే రబ్బరు యాంటెన్నా నిజానికి పెద్ద రాజీ. 145 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 2.07 మీటర్లు. పావు తరంగం యాంటెన్నా చేయాలన్నా అర మీటరు పొడవుండాలి. దాన్ని తీగచుట్టలా చుట్టి అరచేతి పొడవుకు కుదిస్తారు. జేబులో పట్టడానికి బాగుంటుంది గానీ, ప్రసారం చేయడంలో అసలైన అర తరంగం డైపోల్ (మధ్యలో విడదీసి, రెండు సగాలకు కేబుల్ తగిలించే కడ్డీ) కన్నా చాలా వెనకబడుతుంది. పైగా యాంటెన్నాకు రెండో సగం అంటూ ఒకటి కావాలి కదా. ఇక్కడ ఆ పని సెట్టు లోపలి లోహం, దాన్ని పట్టుకున్న మన చెయ్యి కలిసి ఎలాగో నెట్టుకొస్తాయి. ఇంకేమీ చేయలేని వాళ్లు కూడా సుమారు 49 సెంటీమీటర్ల తీగ ముక్కను యాంటెన్నా కనెక్టర్ బయటి లోహానికి తగిలించి కిందికి వేలాడదీస్తే తేడా తెలుస్తుంది. లేని రెండో సగాన్ని ఆ తీగ తెచ్చిపెడుతుంది.

కానీ డైపోల్ ఎంత బాగా చేసినా అది తన చుట్టూ అన్ని వైపులకూ సమానంగా పంపుతుంది. మనం మాట్లాడాల్సిన మనిషి ఒక వైపే ఉన్నప్పుడు మిగతా వైపులకు పోయేదంతా వృథా. ఆ వృథాను ముందుకు మళ్లించడం ఎలాగో 1926లో జపాన్‌లోని సెందాయ్‌లో, తొహోకు ఇంపీరియల్ యూనివర్సిటీలో తేలింది. ప్రయోగాలు ఎక్కువగా చేసినవాడు షింతారో ఉదా. ఆయన పైన ఉన్న ప్రొఫెసర్ హిదెత్సుగు యాగి 1928లో దీని గురించి ఇంగ్లిష్‌లో రాసిన వ్యాసం ప్రపంచమంతా చదివింది. అందులో ఉదా కృషిని యాగి చెప్పినా, లోకానికి యాగి పేరే మిగిలింది. ఈ యాంటెన్నాను యాగి–ఉదా అని రెండు పేర్లతో పిలవడమే న్యాయం. ఇళ్ల కప్పుల మీద వరుస కడ్డీలతో కనిపించే టీవీ యాంటెన్నాలు చాలావరకు ఈ కుటుంబానివే.

దీని అందం ఏమిటంటే, కేబుల్ తగిలేది ఒక్క కడ్డీకే. దాన్ని డ్రివెన్ ఎలిమెంట్ అంటారు. మిగతా కడ్డీలకు ఏ కనెక్షనూ ఉండదు, ఊరికే పక్కన నిలబడి ఉంటాయి. అయినా పని చేస్తాయి. డ్రివెన్ నుంచి వెలువడిన తరంగం పక్క కడ్డీని తాకగానే అందులో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు తన వంతుగా మళ్లీ తరంగాన్ని పంపుతుంది. రెండు తరంగాలు ఎక్కడ కలిసి నడుస్తాయో అక్కడ బలం పెరుగుతుంది, ఎక్కడ ఎదురుపడతాయో అక్కడ తగ్గుతుంది.

వెనక కడ్డీ సంగతి చూద్దాం. అది డ్రివెన్‌కు పావు తరంగం దూరంలో ఉందనుకోండి. తరంగం అక్కడికి చేరడానికి పావు ఆవృత్తి కాలం, అంటే ఒక పూర్తి ఊపులో నాలుగో వంతు, పడుతుంది. అక్కడ పుట్టే కొత్త తరంగం వచ్చినదానికి సరిగ్గా వ్యతిరేక దశలో ఉంటుంది: ఒకటి పైకి లేస్తుంటే ఇంకోటి కిందికి దిగుతుంది, అంటే అర ఆవృత్తి తేడా. అది ముందుకు తిరిగి వచ్చేసరికి మరో పావు. అన్నీ కలిపితే పూర్తి ఆవృత్తి. కాబట్టి డ్రివెన్ దగ్గర ఆ క్షణంలో వెలువడుతున్న తరంగంతో అడుగులో అడుగు వేస్తూ ముందుకు సాగుతుంది. వెనక వైపు మాత్రం అసలు తరంగమూ కొత్త తరంగమూ ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. ఈ కడ్డీని రిఫ్లెక్టర్ అనడం అందుకే. అద్దంలా అడ్డుపడి కాదు, దశను సరిచూసి వెనక్కి పోయేదాన్ని ముందుకు తిప్పుతుంది.

అచ్చంగా పావు తరంగం దూరమే కావాలంటే యాంటెన్నా పొడుగైపోతుంది. దగ్గరగా పెట్టి, దశలో వచ్చే లోటును కడ్డీ పొడవుతో సరిచేయవచ్చు. పొడవు దశను ఎలా మారుస్తుందో తెలియాలంటే ఉయ్యాలను తలుచుకోండి. పొట్టి తాళ్ల ఉయ్యాల తనంతట తాను వేగంగా ఊగుతుంది. దాన్ని నెమ్మదిగా ఊపితే మన చేతితో పాటే కదులుతుంది. పొడుగు తాళ్ల ఉయ్యాలను దాని సహజ వేగానికి మించి ఊపబోతే అది వెనకబడుతూనే ఉంటుంది. కడ్డీలూ అంతే. సహజ పొడవు కన్నా కాస్త పెద్దదైతే అందులో కరెంటు ఆలస్యంగా నడుస్తుంది, చిన్నదైతే ముందుగా నడుస్తుంది. అందుకే వెనక ఉండే రిఫ్లెక్టర్‌ను డ్రివెన్ కన్నా సుమారు 5 శాతం పొడవుగా, ముందు ఉండే డైరెక్టర్‌ను సుమారు 5 శాతం పొట్టిగా పెడతారు. ఒక్క కత్తెర కోతతో దశను దిద్దుతున్నామన్నమాట. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

మూడు కడ్డీల యాగికి బలం సుమారు 7 డీబీఐ ఉంటుంది (అన్ని దిక్కులకూ సమానంగా పంచే ఊహా యాంటెన్నాతో పోల్చి చెప్పే డెసిబెళ్లు). డైపోల్‌ది 2.15. రబ్బరు యాంటెన్నా డైపోల్ కన్నా ఎలాగూ తక్కువ కాబట్టి, రెండిటి మధ్య 10 డెసిబెళ్ల తేడా రావడం మామూలే. అంటే మనం చూపించిన వైపు 5 వాట్ల సెట్టు 50 వాట్లదానిలా వినిపిస్తుంది. వాట్లు పెంచితే రాని లాభం ఇంకొకటి ఇక్కడ ఉంది. యాంటెన్నా పంపేటప్పుడు ఎంత మేలు చేస్తుందో, వినేటప్పుడూ అంతే మేలు చేస్తుంది. వాట్లు మాత్రమే పెంచుకున్నవాడి మాట అవతల వినిపిస్తుంది గానీ, అవతలివాళ్ల జవాబు ఇతనికి వినిపించదు. చేతి సెట్లలో మామూలుగా వాడే ఎఫ్‌ఎమ్ మాటలో ఈ డెసిబెళ్ల విలువ ఇంకా ఎక్కువ. సిగ్నల్ ఒక హద్దు కిందికి దిగగానే ఎఫ్‌ఎమ్ కొద్ది డెసిబెళ్లలోనే రొదలో కలిసిపోతుంది. ఆ హద్దు దగ్గర ఊగిసలాడే మాటను పైకి లాగడానికి యాగి చాలు.

ఇంట్లో చేసుకోవడానికి నేను సిఫారసు చేసేది స్టీలు కొలత టేపు పట్టీలతో చేసే యాగి. హ్యామ్‌లలో బాగా పేరున్న కొలతలివి: రిఫ్లెక్టర్ 105 సెం.మీ., డ్రివెన్ రెండు ముక్కలు ఒక్కోటి 45 సెం.మీ., వాటి మధ్య 2.5 సెం.మీ. ఖాళీ, డైరెక్టర్ 89 సెం.మీ. రిఫ్లెక్టర్ నుంచి డ్రివెన్‌కు దూరం 20 సెం.మీ., డ్రివెన్ నుంచి డైరెక్టర్‌కు 32 సెం.మీ. పట్టీ వెడల్పు 2.5 సెం.మీ. ఈ కొలతలు 146 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేస్తాయి. పీవీసీ పైపు ముక్కను బూమ్‌గా, అంటే పట్టీలను మోసే దండంగా, పెట్టి, పట్టీలను గొట్టాలు బిగించే స్టీలు క్లాంపులతో దానికి బిగిస్తే చాలు. పట్టీలు వంగి మళ్లీ నిటారుగా లేస్తాయి కాబట్టి పొదల్లోంచి, తలుపుల్లోంచి తీసుకెళ్లడం తేలిక. కోసిన అంచులు చాలా పదును, మూలలను గుండ్రంగా కత్తిరించి ఇన్సులేషన్ టేపు చుట్టండి. కళ్ల ఎత్తులో పట్టుకునే వస్తువు కాబట్టి ఈ పని వాయిదా వేయకండి. టంకం పట్టాలంటే పట్టీ మీది పెయింటును గరుకు కాగితంతో పూర్తిగా గీకేయాలి.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. ఒంటరి డైపోల్ ఇంపెడెన్స్ (కరెంటుకు అది చూపే అడ్డు) సుమారు 73 ఓమ్‌లు. పక్కన రిఫ్లెక్టర్, డైరెక్టర్ చేరగానే అది చాలా కిందికి, తరచుగా 20–30 ఓమ్‌లకు పడిపోతుంది. సెట్టుకు, కేబుల్‌కు కావాల్సింది 50. దీనికి ఒక సులువైన ఉపాయం హెయిర్‌పిన్: సుమారు 13 సెం.మీ. తీగను యూ ఆకారంలో వంచి, డ్రివెన్ రెండు ముక్కల మధ్య టంకం వేస్తారు. డ్రివెన్‌ను కావాలనే కాస్త పొట్టిగా ఉంచడం, ఈ తీగలోని ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం), రెండూ కలిసి ఇంపెడెన్స్‌ను 50 దగ్గరకు తెస్తాయి. సరిపోయిందో లేదో ఎస్‌డబ్ల్యూఆర్ అనే నిష్పత్తి చెబుతుంది. 1.5 వస్తే యాంటెన్నా నుంచి సెట్టుకు వెనక్కి తిరిగే శక్తి 4 శాతమే. 2 వస్తే 11 శాతం. అక్కడిదాకా కంగారు పడక్కర్లేదు. 3 దాటితే పావు వంతు వెనక్కి వస్తుంది, చిన్న సెట్టులోని చివరి ట్రాన్సిస్టర్ వేడెక్కుతుంది. దీన్ని కొలిచే, చేతిలో ఇమిడే నానోవీఎన్‌ఏ లాంటి మీటరు దొరికితే మొదటిసారి సెట్టు తగిలించేటప్పుడు టెన్షన్ ఉండదు.

కేబుల్‌ను నిర్లక్ష్యం చేస్తే ఈ కష్టమంతా అక్కడే పోతుంది. ఆర్‌జీ–58 అనే రకం సన్న కేబుల్ 145 మెగాహెర్ట్జ్ దగ్గర 15 మీటర్లకు దాదాపు సగం శక్తిని తినేస్తుంది. చేత్తో పట్టుకునే యాగికి ఒకటి రెండు మీటర్లు చాలు. యాంటెన్నా దగ్గర కేబుల్‌ను కొన్ని చుట్లు చుట్టడమో, ఫెర్రైటు ముక్కలు తొడగడమో చేయండి. లేకపోతే కేబుల్ బయటి తొడుగు మీదికి కరెంటు పాకి అదీ యాంటెన్నాలాగే పంచుతూ పోతుంది, దిశ చెదిరిపోతుంది. సెట్టు మీది చిన్న కనెక్టర్ బరువు మోయడానికి చేసింది కాదు. మెత్తని సన్న కేబుల్ ముక్కను మధ్యలో వాడితే అది విరగకుండా ఉంటుంది.

చేతి సెట్ల మాట అంతా నిలువు ధ్రువణంలో, అంటే తరంగం నిలువుగా ఊగేలా, నడుస్తుంది. కాబట్టి పట్టీలు నిలువుగా ఉండేలా పట్టుకోవాలి. అడ్డంగా పట్టుకుంటే ఇరవై డెసిబెళ్ల దాకా పోవచ్చు, అంటే సంపాదించినదాని కన్నా ఎక్కువ. నిలువు పట్టీలకు సమాంతరంగా పక్కనే లోహపు స్తంభం ఉండకూడదు, బూమ్‌ను రిఫ్లెక్టర్ వెనక నుంచి పట్టుకోవాలి. గురి మరీ సూటిగా లేకపోయినా ఫరవాలేదు. మూడు పట్టీల యాగి ముందుకు చాలా వెడల్పుగానే పంచుతుంది, పది పదిహేను డిగ్రీల తేడాను అది పట్టించుకోదు. మధ్యలో కొండ అడ్డుంటే సూటిగా కాకుండా పక్కకు తిప్పి చూడండి. ఎత్తైన భవనమో, ఇంకో కొండ చరియో తరంగాన్ని ప్రతిఫలించి అవతలికి చేర్చడం తరచుగా జరుగుతుంది. మనిషి ఉన్న దిక్కుకన్నా వేరే దిక్కులో మాట బాగా వస్తే ఆశ్చర్యపోవద్దు.

బలమైన యాంటెన్నా తగిలించాక కొన్ని చిన్న సెట్లు ఉన్నట్టుండి చెవిటివైపోతాయి. దగ్గర్లోని ఏదో పెద్ద ప్రసారిణి బలంగా లోపలికి దూరి రిసీవర్‌ను ముంచేస్తుంది. యాంటెన్నా పాడైందని అనుకోకండి. యాంటెన్నా వెనక భాగం ఆ ప్రసారిణి వైపు ఉండేలా తిరగండి, చాలాసార్లు వినికిడి తిరిగి వస్తుంది. కరెంటు తీగల దగ్గర మాత్రం ఏ యాంటెన్నానూ పైకి ఎత్తకండి. ఈ బ్యాండ్లలో పంపడానికి హ్యామ్ లైసెన్సు ఉండాలి, వినడం వరకు నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. లైసెన్సు అక్కర్లేని పీఎంఆర్–446, ఎఫ్‌ఆర్‌ఎస్ రకం వాకీటాకీలకు యాంటెన్నా విడదీయలేనిదై ఉండాలన్నది నిబంధన, వాటికి ఈ యాగి తగిలించకూడదు.

ఈ టేపు యాగికి పేరు వచ్చింది దూరం మాట్లాడటం వల్ల మాత్రమే కాదు, దాచిపెట్టిన ట్రాన్స్‌మిటర్‌ను వెతికే ఆట వల్ల. అందులో ముందు వైపు కన్నా వెనక వైపే ఎక్కువ పనికొస్తుంది. ముందు గరిష్ఠం మొద్దుగా ఉంటుంది, సిగ్నల్ సన్నగిల్లే వెనక దిక్కు మాత్రం సూటిగా తెలుస్తుంది. దాన్ని బట్టి పటం మీద ఒక గీత గీసి, వేరే చోటికి వెళ్లి ఇంకో గీత గీస్తారు; రెండూ కలిసే చోటు దగ్గర ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. దగ్గరికి వెళ్లాక యాంటెన్నాను ఎటు తిప్పినా సెట్టు మీది సిగ్నల్ మీటరు నిండుగా కొట్టుకుంటుంది, దిక్కు తెలియదు. అప్పుడు సెట్టును 5 లేదా 10 కిలోహెర్ట్జ్ పక్కకు ట్యూన్ చేస్తే సిగ్నల్ బలం తగ్గినట్టు వినిపించి దిక్కు మళ్లీ తెలుస్తుంది. ఇంకా దగ్గరైతే యాంటెన్నా తీసేసి, సెట్టును ఛాతీకి ఆనించి నెమ్మదిగా తిరగాలి. మన ఒళ్లే అడ్డుపడి సిగ్నల్ బాగా తగ్గిన క్షణాన ట్రాన్స్‌మిటర్ వీపు వైపు ఉంటుంది.