ఓడినవారి రుసుముతో అచ్చయ్యే పుస్తకం

అమెరికాలో ఇంకా ఒక్క పుస్తకమూ రాని కవికి మొదటి మెట్టు చాలాసార్లు చాప్‌బుక్ (పల్చటి చిన్న కవితా పుస్తకం) పోటీయే. 20 నుంచి 40 పేజీల రాతప్రతి పంపాలి. దానితోపాటు 15 నుంచి 25 డాలర్ల దాకా ప్రవేశ రుసుము కట్టాలి. గెలిచిన ఒక్కరి పుస్తకం అచ్చవుతుంది, కొంత నగదూ కొన్ని ప్రతులూ చేతికొస్తాయి. మిగిలినవారికి మర్యాదగా రాసిన ఒక ఉత్తరం వస్తుంది. తన రాత చదివించుకోవడానికి రాసినవాడే డబ్బు కట్టడమేమిటన్న ప్రశ్న ఏటా వినిపిస్తూనే ఉంటుంది. అయితే దీన్ని ఎవరూ కుట్ర పన్ని పెట్టలేదు. ఒక్కో అవసరం కొద్దీ, ఒక్కో దశాబ్దంలో కొంతగా పేరుకుంటూ వచ్చిన ఏర్పాటిది.

ఈ చిన్న పుస్తకం పుట్టుకకూ సాహిత్య గౌరవానికీ సంబంధం లేదు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో సూదులు, దారాలు, రిబ్బన్లు మూటగట్టుకుని ఊరూరా తిరిగే చిల్లర వర్తకులు వీటినీ అమ్మేవారు. ఒక పెద్ద కాగితాన్ని రెండు వైపులా అచ్చేసి మడిస్తే 24 పేజీలయ్యేది. చాలావాటి ధర ఒక పెన్నీ. వాటిలో దొంగల కథలు, జోస్యాలు, హాస్యాలు, భక్తిబోధలు ఉండేవి. ఒక కథకు చెక్కిన చెక్కబొమ్మనే మరో కథకూ మొహమాటం లేకుండా వాడేసేవారు. రచయిత పేరు ఉంటే ఉండేది, లేకపోతే లేదు. ఇంగ్లండ్ నౌకాదళ పాలనాధికారి శామ్యూల్ పెపిస్ ఇలాంటివి వందకు పైగా ఏరి బైండు చేయించుకోబట్టి అవి కేంబ్రిడ్జిలో నేటికీ ఉన్నాయి. మిగతావాటిలో చాలా భాగం పొట్లాల కాగితంగా పోయింది.

చవక పత్రికలొచ్చాక 19వ శతాబ్దంలో ఈ సరుకు కనుమరుగైంది. ఖాళీ అయిన ఆ రూపాన్ని 20వ శతాబ్దపు కవులు అందిపుచ్చుకున్నారు. ఇంగ్లిష్ రచయితలు వర్జీనియా, లియొనార్డ్ వుల్ఫ్ దంపతులు 1917లో లండన్ దగ్గరి రిచ్‌మండ్‌లోని తమ ఇంటి భోజనాల గదిలో చేతి ముద్రణ యంత్రం పెట్టుకుని పల్చటి పుస్తకాలు వేయడం మొదలుపెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సిటీ లైట్స్ పుస్తకాల దుకాణం 1955 నుంచి జేబులో పట్టే కవితా సంపుటాలు తెచ్చింది.

నా దృష్టిలో వీటన్నిటికన్నా గట్టి కథ డెట్రాయిట్‌ది. అక్కడ డడ్లీ రాండల్ అనే గ్రంథాలయ ఉద్యోగి 1965లో పన్నెండు డాలర్ల పెట్టుబడితో బ్రాడ్‌సైడ్ ప్రెస్ మొదలుపెట్టాడు. 1963లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు నల్లజాతి బాలికలు చనిపోయారు. వారిమీద తాను రాసిన కవితను ఒంటి కాగితంపై అచ్చేయడమే ఆ సంస్థ తొలి పని. తరువాత అదే సంస్థ సోనియా సాంచెజ్, ఆడ్రీ లార్డ్ వంటి వారి చిన్న పుస్తకాలు తెచ్చింది. పులిట్జర్ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి రచయిత గ్వెండొలిన్ బ్రూక్స్ పెద్ద ప్రచురణ సంస్థను వదిలి, 1969లో తన కొత్త పుస్తకాన్ని రాండల్‌కే ఇచ్చారు. ఇక్కడ ప్రవేశ రుసుమూ లేదు, న్యాయనిర్ణేతా లేడు. తనకు నచ్చినదాన్ని రాండల్ వేశాడు.

సైక్లోస్టైల్ యంత్రం, పిన్నులు కొట్టే స్టేప్లర్ ఉంటే చాలనుకున్న ఆ 1960లలో చాలా చిన్న సంస్థలు ఇలాగే నడిచాయి. రాసేవాళ్లు, వేసేవాళ్లు, చదివేవాళ్లు ఒకే గుంపువారు. అలాంటి చోట పోటీ పెట్టే అవసరమే ఉండదు.

ఆ గుంపు పరిధి దాటిపోవడానికి మొదటి కారణం విశ్వవిద్యాలయాలు. 1936లో అయోవాలో మొదలైన సృజనాత్మక రచనా కోర్సు నమూనా యుద్ధానంతరం దేశమంతటా పాకింది. పట్టా తీసుకున్న ప్రతివారి దగ్గరా ఒక రాతప్రతి తయారుగా ఉంటుంది, అధ్యాపక ఉద్యోగానికేమో అచ్చయిన పుస్తకం కావాలి. కవిత్వం కొనేవాళ్లు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. రెండో కారణం ప్రభుత్వ ధనం. 1965లో ఏర్పడిన జాతీయ కళల నిధి చిన్న ప్రచురణ సంస్థలకు ఆసరాగా ఉండేది. కళల మీద సాగిన రాజకీయ రగడ తరువాత ఆ సంస్థ బడ్జెట్ 1995లో సుమారు 16 కోట్ల డాలర్ల నుంచి మరుసటి ఏడాదికి 10 కోట్ల లోపుకు పడిపోయింది. అప్పటికే అక్కడక్కడా ఉన్న రుసుము పోటీ చాలామందికి ఆధారమైంది. ఉదాహరణకు మూడువందల మంది తలా 20 డాలర్లు కడితే ఆరు వేలు. బహుమతి, అచ్చుఖర్చు, తపాలా దానిలోంచే. అంటే గెలిచిన పుస్తకానికి పెట్టుబడి ఓడినవారిది.

చాప్‌బుక్‌కు మరో చిక్కుంది. 1964 నాటి యునెస్కో నిర్వచనం ప్రకారం కనీసం 49 పేజీలుంటేనే పుస్తకం, అంతకు తక్కువైతే కరపుస్తకం. మన ప్రెస్సుల లెక్కలో రెండు మూడు ఫారాల (ఒక్కో ఫారం సాధారణంగా 16 పేజీలు) సరుకు. మధ్యలో పిన్ను కొట్టిన దానికి వెన్ను ఉండదు కాబట్టి అరలో నిలబెడితే పేరు కనబడదు, దుకాణాలవాళ్లు తీసుకోరు. కానీ అదే కొత్తవారికి కలిసొచ్చింది. చాప్‌బుక్ వచ్చినా చాలా ‘తొలి పుస్తకం’ పోటీలకు అర్హత పోదు.

డబ్బు చేతులు మారేచోట అనుమానం రాక తప్పదు. 2004లో మరో గ్రంథాలయ ఉద్యోగి పోటీల గుట్టు బయటపెట్టడమే పనిగా ఒక వెబ్‌సైటు తెరిచాడు. జార్జియా విశ్వవిద్యాలయ ప్రచురణ విభాగం కవితా పోటీలో న్యాయనిర్ణేతల పేర్లు రహస్యంగా ఉంచేవారు. వాటిని ఆ రాష్ట్ర సమాచార చట్టం కింద రాబట్టాడు. 1999లో గెలిచిన కవికీ ఎంపిక చేసినవారికీ ముందే పరిచయం ఉందని తేలింది. అది పూర్తి పుస్తకాల పోటీయే అయినా మచ్చ అన్నిటికీ అంటింది. ఆ తరువాతే సాహిత్య పత్రికలు, ప్రచురణ సంస్థల మండలి పోటీలకు నియమావళి తెచ్చింది. నియమాలు ముందే చెప్పాలి, ఎంపిక ఎలా జరుగుతుందో దాచకూడదు. న్యాయనిర్ణేతకు శిష్యులో స్నేహితులో అయితే పంపవద్దన్న వాక్యం నేడు చాలా ప్రకటనల్లో కనిపిస్తుంది.

పోటీలన్నీ ఒక్క గాటన కట్టేయడం మాత్రం అన్యాయం. న్యూయార్క్ రాష్ట్రంలోని స్లీపీ హాలోలో 1990లో మొదలైన స్లాపెరింగ్ హోల్ ప్రెస్ అంతవరకు పుస్తకమేదీ రానివారి కోసమే పోటీ నడిపింది. కొత్త ఆఫ్రికన్ కవుల చాప్‌బుక్కులను ఒకే పెట్టెలో పెట్టి 2014లో తెచ్చిన తొలి సంచికలో ఆ సంస్థకూ భాగముంది. ఆ కవుల్లో ఒకరైన వార్సన్ షైర్ కవిత్వం రెండేళ్లకు గాయని బియాన్సే ఆల్బమ్ ద్వారా ప్రపంచమంతా వినిపించింది.

మన దగ్గర తొలి సంపుటి ఖర్చు సాధారణంగా కవిదే. ప్రెస్సు బిల్లు కట్టి, ప్రతులు పంచి, ఆ తరువాత పురస్కారాలకు పంపుతాడు. కవి కుందుర్తి ప్రోత్సాహంతో 1967 నుంచి ఇస్తూ వచ్చిన ఫ్రీవర్స్ ఫ్రంట్ అవార్డు వచన కవులకు ఎంత గుర్తింపు తెచ్చినా అది అచ్చయ్యాక దక్కే గౌరవం. అమెరికా కవి అచ్చు కాకముందు 20 డాలర్లు కడతాడు, తెలుగు కవి అచ్చుకే వేలు పెడతాడు. ఎవరు తక్కువ నష్టపోతున్నారో చెప్పడం నాకు తేలిక కాదు.

ఇటీవల దెబ్బలు ఒకదాని వెంట ఒకటి తగిలాయి. సుమారు 400 చిన్న సంస్థల పుస్తకాలను దుకాణాలకు చేరవేసే స్మాల్ ప్రెస్ డిస్ట్రిబ్యూషన్ 2024 మార్చిలో ఉన్నట్టుండి మూతపడింది. 2025 మేలో జాతీయ కళల నిధి అనేక సాహిత్య సంస్థలకు మంజూరైన సాయాన్ని రద్దు చేసింది. ఇలాంటప్పుడు రుసుము ఎత్తేయమంటే వినే సంస్థలు తక్కువ. కట్టలేనివారికి కొన్ని సంస్థలు మినహాయింపు ఇస్తున్నాయి. మరికొన్ని, పోటీలో పాల్గొన్న ప్రతివారికీ గెలిచిన పుస్తకం ఒక ప్రతి పంపుతున్నాయి. ఈ రెండో పద్ధతి నాకు సబబుగా తోస్తుంది. కట్టిన డబ్బుకు ఒక పుస్తకం దక్కుతుంది, న్యాయనిర్ణేత ఎంపిక ఎలాంటిదో ఓడినవారే చదివి తేల్చుకోవచ్చు.