తిన్నె మీది అవ్వలు

తిరుపతి,
విజయదశమి మరునాడు.

చిరంజీవులు చిట్టికి, బుజ్జికి, ఈ ఉత్తరం మీతోపాటు చదివే మీ స్నేహితులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న చంద్రగిరి కోట చూసి తిరిగి వస్తూ బస్సులో చిట్టి నన్నొక మాట అడిగింది. "తాతయ్యా, గుడిలో విగ్రహానికి వేలు విరిగినా పూజకు పనికిరాదంటారు కదా! మరి ఇక్కడ చేతులు లేనివి, ముక్కు లేనివి, అసలు తలే లేనివి ఏరి ఏరి తెచ్చారెందుకు? పనికిరానివాటికి అంత పెద్ద రాజమహలా?" ఆ రద్దీలో నేను ఏదో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను. కానీ అది తీరిగ్గా జవాబు చెప్పవలసిన ప్రశ్న. అందుకే రాస్తున్నాను.

మా అవ్వను మీరు చూడలేదు. యాభై ఏళ్లకు పైగా ఇంటిల్లిపాదికీ వండి పెట్టిన మనిషి. చూపు మందగించి, చేయి వణకడం మొదలయ్యాక మా అమ్మ ఆమె చేతిలోని గరిటె అందుకుని, వీధి తిన్నె మీద చాప పరిచి కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి అవ్వకు వంట లేదు. అయితే పొలం గట్టు దగ్గర తగాదా వచ్చినా, పాత బావి ఎవరు తవ్వించారో తెలియకపోయినా, ఊరంతా ఆ తిన్నె దగ్గరికే వచ్చేది. పొయ్యి దగ్గర ఉన్నంతకాలం ఆమెతో మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. తిన్నె మీదికి వచ్చాకనే మాకు అవ్వ ఎవరో తెలిసింది.

ఆ రాజమహలులో ఉన్న చంద్రగిరి మ్యూజియం అలాంటి తిన్నె. అక్కడున్న విగ్రహాలు పని చాలించిన అవ్వలు.

గుడిలో విగ్రహం భిన్నమైతే దాన్ని విసిరి పారేయరు. అందులోని దేవతా కళను మంత్రపూర్వకంగా ఒక కలశంలోని నీటిలోకి పిలిచి, కొత్త విగ్రహంలోకి మారుస్తారు. మా అమ్మ గరిటె అందుకోవడం అంటే అదే. పాతదాన్ని నీటిలో విడవడమో, భూమిలో పూడ్చడమో చేస్తారు. అలా పూడ్చినవి, యుద్ధాలకు భయపడి దాచినవి, గుడి కూలిపోతే మట్టిలో కలిసిపోయినవి ఎప్పుడో ఒకనాడు నాగలికి తగులుతాయి. ఇలా భూమిలో దొరికినవాటికి 1878 నుంచి ఒక చట్టం ఉంది. పది రూపాయలకు మించిన విలువగల పాత వస్తువు ఏది దొరికినా ప్రభుత్వానికి తెలియజేయాలి. మ్యూజియాలకు చేరేవాటిలో కొన్ని ఆ దారినే వస్తాయి.

అవ్వకు పళ్లూడిపోయినా నవ్వును బట్టి మనం ఆమెను పోల్చుకుంటాం. విగ్రహమూ అంతే. చేతులు సన్నగా బయటికి పొడుచుకుని ఉంటాయి కాబట్టి ముందు విరిగేవి అవే. ముక్కు గతీ అదే. చేతులతోపాటు శంఖచక్రాలూ పోతే ఇక ఏ దేవుడని పోల్చడం? తల మీద చూడండి. గోపురంలా నిటారుగా లేచిన కిరీటం ఉంటే చాలావరకు విష్ణువు. జడలే కిరీటంలా ముడివేసి ఉంటే శివుడు. భుజం దగ్గర విరిగిన మొదళ్లు లెక్కపెడితే ఎన్ని చేతులు ఉండేవో తెలుస్తుంది. ముట్టుకోవద్దని కాపలా ఆయన బుజ్జిని గదమాయించాడు కదా, దానికీ కారణం ఉంది. ముసలితనంలో అవ్వ చర్మం పలచబడినట్టు ఈ రాయి, ఈ కంచు కూడా సున్నితమైపోయాయి. మన చేతి చెమట, జిడ్డు రోజూ వందల మంది నుంచి అంటుకుంటే రాయి నల్లబడుతుంది, కంచుకు చిలుము పడుతుంది.

ఆ రాజమహలు మాత్రం? అదీ ఒక అవ్వే. 1565 లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజులు హంపి విడిచి పెనుకొండకు, అక్కడినుంచి మన చంద్రగిరికి వచ్చారు. కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన మూడంతస్తుల భవనం అది. రాజులు పోయారు, కొలువు పోయింది. ఇప్పుడు తనలాంటివాళ్లనే ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంది.

నాకు తొమ్మిదేళ్లప్పటి మాట చెబుతాను. మా ఊరి చెరువు తూము పక్కన ఒక బండ ఉండేది. ఆడవాళ్లు దాని మీద బట్టలు ఉతికేవారు. సాయంత్రం మేము దాని మీద కూర్చుని రేగుపళ్లు తిని గింజలు నీళ్లలోకి ఉమ్మేవాళ్లం. ఒక ఎండాకాలం చెరువు నెర్రెలిచ్చింది. పూడిక తీస్తూ మనుషులు గడ్డపారలు వేసి ఆ బండను తిరగేశారు. అడుగున ఒక మనిషి! ఒక చేత కత్తి ఎత్తి, అడుగు ముందుకు వేసి నిలబడ్డాడు. కాళ్ల దగ్గర ఆవులు. మా నాన్న తలపాగా తీసేశాడు. "వీరగల్లురా ఇది. మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం నిలిచి చచ్చిపోయినవాడికి ఊరు నిలబెట్టిన రాయి" అన్నాడు. మన చిత్తూరు సీమలో ఇలాంటివి ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. అయినా మన ఊరివాడే, మన కిందే, ఇన్నాళ్లూ బోర్లా పడి ఉన్నాడన్న సంగతి నన్ను వణికించింది.

గడ్డపార తగిలి అతని మణికట్టు దగ్గర ఒక పెచ్చు లేచింది. నేను దాన్ని ఏరి లాగు జేబులో వేసుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి నాన్నకు చూపిస్తే తిట్టలేదు. నన్ను తీసుకెళ్లి, అప్పటికే నిలబెట్టి పసుపు కుంకుమ పూసిన ఆ రాయి పాదాల దగ్గర నా చేతనే గుంట తీయించి పెచ్చును పూడ్పించాడు. విరిగినదాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఆ పెచ్చు జేబులో గుచ్చుకున్నట్టే ఉంటుంది.

ఇక మిమ్మల్ని ఒక్క మాట అనాలి. మొన్న మీరిద్దరూ ఇరవై నిమిషాల్లో మ్యూజియమంతా చుట్టేశారు. ప్రతిదానికీ ఫోనులో ఒక ఫొటో. తిన్నె మీద పదిమంది అవ్వలు కూర్చుని ఉంటే అందరినీ పలకరించి పరిగెత్తడం మర్యాదేనా? మళ్లీ వెళ్లినప్పుడు ఒక్కదాన్నే ఎంచుకోండి. దాని ఎదుట పావుగంట కూర్చోండి. నోటుపుస్తకంలో బొమ్మ వేయండి, బాగా రాకపోయినా సరే. వేసేటప్పుడే కన్ను నిజంగా చూస్తుంది. శుక్రవారం మాత్రం వెళ్లకండి, ఆ మ్యూజియానికి సెలవు.

తిరుమల వెళ్లినప్పుడు అన్నమయ్య రాగిరేకులు చూడండి. ఆయన 1503 లో పోయారు. కీర్తనలు చెక్కిన ఆ రేకులు కొండ మీది గుడిలో ఒక చిన్న అరలో శతాబ్దాలపాటు పడి ఉండి 1922 లో వెలుగులోకి వచ్చాయి. మీ అమ్మ జోల పాడిన "జో అచ్యుతానంద" గుర్తుంది కదా. అన్ని వందల ఏళ్లు అరలో కూర్చున్న ఆ అవ్వకు పాటలన్నీ గుర్తున్నాయి!

అందరు అవ్వలూ తిన్నె మీదికి రారు. ఏర్పేడు దగ్గర గుడిమల్లంలో ఒక లింగం ఉంది. క్రీస్తు పుట్టకముందే చెక్కారని చాలామంది పండితుల మాట. ఎంత ముందు అన్నదాంట్లో మాత్రం వాళ్లకు ఇంకా పొత్తు కుదరలేదు. మ్యూజియంలో కాదు, నేటికీ గర్భగుడిలోనే ఉంది, పొయ్యి దగ్గరి నుంచి లేవని అవ్వలాగా. ఆ గుడి వెనుక భాగం పడుకున్న ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. లోపల దాదాపు ఐదడుగుల లింగం, దానికి ఆనుకుని నిలబడిన శివుడు. కుడిచేత తలకిందులుగా వేలాడే పొట్టేలు, ఎడమచేత చిన్న పాత్ర, భుజం మీద గండ్రగొడ్డలి. నడుముకు కట్టిన బట్ట మడతలు రాతిలో ఎలా పలుచగా తీశారో నాకు ఎన్నిసార్లు చూసినా అంతుపట్టలేదు. అది వివరించడం నా వల్ల కాదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళతాను. శివుణ్ణి చూశాక కంటిని కిందికి దించండి. ఆయన పాదాలను భుజాల మీద మోస్తూ ఒక యక్షుడు ముడుచుకుని కూర్చుని ఉంటాడు. రెండు వేల ఏళ్లుగా దించని బరువు. ఆ ముఖంలో ఉన్నది అలసటా, సంతోషమా? నాకు ఒక్కోసారి ఒక్కోలా కనబడింది. చిట్టీ, నువ్వు దగ్గరగా చూసి నాకు చెప్పాలి.

మీ
తాతయ్య