తూముల్లోంచి నీళ్ళు పైకొచ్చే ఊరు

పిల్లలూ,

మొన్న ఫోన్లో చిన్నది అడిగినదానికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, ఒక పక్క సిగ్నల్ లేదు, ఇంకో పక్క మీ నానమ్మ కుక్కర్ విజిల్. "తాతయ్యా, వెనిస్ మునిగిపోతుందట కదా, మునిగేలోపల చూసొచ్చేద్దామా?" అంది. వచ్చే ఏడాది వేసవి సెలవుల్లోనా, లేక దసరా దాటాక అక్టోబర్ ఆఖర్లోనా అని మీ నాన్న ఇంకా లెక్కలేసుకుంటున్నాడట. ఇటలీలోని ఆ కాలవల ఊరికి దసరా దాటాకే వెళ్ళండి. జూలైలో అక్కడ ఎండ, ఉక్క, వంతెన దాటాలంటే తిరుపతి క్యూలో నిలబడ్డట్టు నిలబడాలి. పైగా ఊళ్ళో రాత్రి ఉండకుండా పగలొచ్చి పగలే పోయేవాళ్ళ దగ్గర 2024 నుంచి ప్రవేశ రుసుం తీసుకుంటున్నారు. అది ఇప్పటిదాకా ఏప్రిల్ నుంచి జూలై దాకా కొన్ని రోజుల్లోనే పెట్టారు, శరదృతువులో ఆ గొడవ లేదు. అయితే నేను చెప్పే కారణం డబ్బు కాదు. నవంబర్‌లో వెళ్ళొద్దని అందరూ ఏ కారణానికి అంటారో, వెళ్ళమని నేననేది కూడా ఆ కారణానికే. నీళ్ళు.

మీ అత్త మమ్మల్ని తీసుకెళ్ళింది కార్తీక మాసంలో, సరిగ్గా పౌర్ణమి ముందు రోజు దిగాం. మర్నాడు పొద్దున్నే సెయింట్ మార్క్ చర్చి ముందున్న పెద్ద ఆవరణకి వెళ్ళాం. నేల పొడిగానే ఉంది. అవతల గట్టు దగ్గర నీళ్ళు గట్టుకి ఇంకా జానెడు కిందే ఉన్నాయి. కానీ ఆవరణ మధ్యలో, తెల్లరాతి పలకలో వాననీళ్ళు పోవడానికి పెట్టిన చిన్న తూము ఉంది చూశారూ, అందులోంచి నీళ్ళు బుడబుడమంటూ పైకి వస్తున్నాయి. ముందు అరచేతంత తడి, తర్వాత తాంబాళమంత. అంతలో పక్క తూము, ఇంకాసేపటికి ఇంకోటి. అరగంటకి చర్చి గోపురాలు నీళ్ళలో తలకిందులుగా కనపడ్డాయి. ముప్పై ఏళ్ళు కృష్ణా కాలవల మీద ఉద్యోగం చేసినవాణ్ణి, నీళ్ళు గట్టు పొర్లడం చూశాను, గండి పడటం చూశాను, కానీ పోవాల్సిన తూములోంచే ఇలా నెమ్మదిగా ఎదురొచ్చి ఊళ్ళో కూర్చోవడం అదే మొదటిసారి చూడటం.

అక్కడి జనానికి మాత్రం ఏ టెన్షనూ లేదు. దుకాణంవాడు గుమ్మానికి రెండు పక్కలా ఉన్న గాడిలోకి మోకాలెత్తు ఇనప పలక దింపాడు, అచ్చం మన లాకుల దగ్గర చెక్కలు దింపినట్టే. ఇనప కాళ్ళ మీద చెక్కలు పరిచిన ఎత్తు బల్లలు ముందే వరసగా పెట్టి ఉన్నాయి, జనం వాటి మీద ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. నేను మాత్రం వీధిలో ఎవడో అమ్ముతుంటే బూట్ల మీద తొడుక్కునే ప్లాస్టిక్ సంచుల్లాంటివి పది యూరోలకి కొన్నాను. పది నిమిషాలు కాకముందే అవి చిరిగి నీళ్ళు లోపలికొచ్చి, లోపలున్నవి బయటికి పోనివ్వక, రెండు కాళ్ళకీ రెండు చెంబులు కట్టుకున్నట్టు నడిచాను. మీ నానమ్మ చీర కాస్త ఎత్తి చెక్కి, చెప్పులు చేత పట్టుకుని, నా వంక చూసి నవ్వుతూ నా ముందే దాటేసింది. ఆ తర్వాత రెండు రోజులు తుమ్మింది, అది వేరే సంగతి.

ఇక మునగడం గురించి. సముద్రానికి ఆటుపోట్లు ఉంటాయి, పున్నానికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, ఇది బందరు రేవులో ఎవర్ని అడిగినా చెబుతారు. వెనిస్ ఉన్న ఏడ్రియాటిక్ సముద్రం పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది, ఊరు దాని ఉత్తరపు కొసన ఉంది. శరదృతువులో ఆగ్నేయం నుంచి సిరోకో అని ఒక వెచ్చటి గాలి లేచి నీళ్ళన్నిటినీ ఆ కొసకి తోస్తుంది. సాసర్‌లో పోసిన టీని ఊదితే అవతలి అంచుకి ఎక్కుతుంది చూడండి, అదే. గాలీ పోటూ ఒకే గంటలో కలిశాయో, ఊళ్ళోకి నీళ్ళే. 1977 నవంబర్ 19న మన దివిసీమ మీద పడ్డ ఉప్పెన ఎంతో పెద్దది, దాంతో దీన్ని పోల్చకూడదు, అయినా గాలి సముద్రాన్ని తోసుకురావడమనే లెక్క రెంటికీ ఒకటే.

వాళ్ళు నీటిమట్టాన్ని 1897లో పెట్టుకున్న ఒక జీరో గుర్తు నుంచి కొలుస్తారు. కాబట్టి 110 సెంటీమీటర్లు అని వింటే రోడ్డు మీద నడుం లోతు నీళ్ళని హడలిపోకండి. బ్యారేజీ దగ్గర 12 అడుగులు అన్నంత మాత్రాన బెజవాడ బజార్లో 12 అడుగులు ఉన్నట్టు కాదుగా. ఊళ్ళోకెల్లా పల్లమైన ఆ చర్చి ఆవరణకి 80, 90 దగ్గర తడి మొదలవుతుంది. 1966 నవంబర్ 4న 194 సెంటీమీటర్లు వచ్చింది, ఇప్పటిదాకా అదే పెద్దది. ఆ తర్వాతది 187, 2019 నవంబర్ 12 రాత్రి. ఆ తేదీ చూడగానే నేను క్యాలెండర్ తిరగేశాను. అది మన కార్తీక పౌర్ణమి. మనవాళ్ళు ఇక్కడ కృష్ణలో దీపాలు వదులుతున్న రోజునే అక్కడ ఊరు దాదాపు అంతా నీళ్ళలో ఉంది.

ఆ మరుసటి ఏడు, 2020 అక్టోబర్ 3న, మోసే అనే గేట్లని మొదటిసారి నిజం పోటు మీద వాడారు. ఊరు నేరుగా సముద్రంలో లేదు, ఉప్పుటేరు లాంటి ఒక పెద్ద మడుగులో ఉంది, ఆ మడుగుకీ సముద్రానికీ మధ్య లీదో, మలమొక్కో, కియోజ్జా అని మూడు మొగలు ఉన్నాయి. ఆ మూడు చోట్లా నీటి అడుగున పసుపు రంగు ఇనప పెట్టెలు పడుకోబెట్టి ఉన్నాయి. మొత్తం 78. మన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు, పైనుంచి ఎత్తేవి, ఎప్పుడూ కంటికి కనపడేవి. వీళ్ళవి మామూలు రోజుల్లో కనపడవు. లోపల నీళ్ళు నింపి ఉంటాయి కాబట్టి బిందె మునిగినట్టు అడుగునే ఉంటాయి. పోటు 110 దాటుతుందని అంచనా వచ్చినప్పుడు లోపలికి గాలి పంపుతారు, నీళ్ళు బయటికి పోతాయి, అడుగున కీలు ఉంది కాబట్టి ఒక అంచు అక్కడే ఉండి రెండో అంచు పైకి లేస్తుంది. అన్నీ లేస్తే గోడ. పోటు తగ్గాక మళ్ళీ నీళ్ళు నింపి పడుకోబెట్టేస్తారు. నాకైతే ఆ ఊరి గోపురాలన్నిటికంటే ఈ పెట్టెలే ఎక్కువ నచ్చాయి, మీ అత్త నన్ను రేవు దాకా తీసుకెళ్ళింది గానీ ఆ రోజు గేట్లు ఎత్తలేదు, ఉత్త నీళ్ళు చూసి వచ్చాను. 110 లోపు పోట్లకి సాధారణంగా ఎత్తరు, ఎత్తితే ఓడలు ఆగిపోతాయి, ఖర్చు కూడా బోలెడు. అందుకే మేం చూసినట్టు ఆవరణలో నీళ్ళు మీకూ దొరకొచ్చు. చర్చికి మాత్రం ఇప్పుడు చుట్టూ గాజు పలకల గోడ కట్టారు.

కాబట్టి చిన్నదానికి జవాబు: నేల కొంత దిగింది, సముద్రం కొంత పెరిగింది, ఆ రెండూ నిజమే. నువ్వెళ్ళేలోపల మాత్రం మునగదు.

అసలు బురద మీద అన్ని రాతి మేడలు ఎలా నిలబడ్డాయని పెద్దాడు అడుగుతాడని నాకు తెలుసు. సుమారు 118 చిన్న చిన్న లంకలు, 400 పైన వంతెనలు. మేడ కట్టే చోట దుంగల్ని పక్కపక్కనే బురదలోకి దిగ్గొట్టి, వాటి మీద పలకలు, పలకల మీద నీళ్ళు పీల్చని తెల్లరాయి, ఆ పైన గోడ. ఊరి మధ్యగా పోయే పెద్ద కాలవ గ్రాండ్ కెనాల్ మొదట్లో సలూతె అని ఒక పెద్ద చర్చి ఉంది, దాని ఒక్కదాని కిందే పది లక్షల పైన దుంగలు ఉన్నాయంటారు. మరి చెక్క కుళ్ళదా అంటే, త్వరగా కుళ్ళాలంటే గాలి తగలాలి, బురద లోపల గాలి దాదాపు లేదు. తేడా మీరే చూడొచ్చు: పడవలకి దారి చూపించడానికి మడుగులో మూడేసి దుంగలు కలిపి పాతి ఉంటాయి, పోటుకి మునిగి పాటుకి తేలే చోట అవి చెరుకు కొరికినట్టు సన్నగా అరిగిపోయి ఉంటాయి. ఆ కింద, బురదలో ఉన్న భాగం అంత త్వరగా పాడవదు.

చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు, అంతా ఉప్పు. ప్రతి చిన్న మైదానం మధ్యలో, వాటిని కాంపో అంటారు, చెక్కడాలున్న రాతి బావి ఒకటి కనపడుతుంది, అందరూ దాని మీద సంచులు పెట్టుకుని ఫోటోలు దిగుతారు. అది మామూలు బావి కాదు. మైదానం కింద బంకమట్టితో తొట్టి కట్టి ఇసక నింపారు. వాన పడితే నీళ్ళు నాలుగు మూలలున్న రంధ్రాల్లోంచి దిగి, ఇసకలో వడకట్టుకుని మధ్య బావిలో ఊరతాయి. 1884లో గొట్టాల నీళ్ళు వచ్చేదాకా ఊరు ఎక్కువగా తాగింది అదే.

దారి తప్పడం గురించి. ఇది మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఆ ఊళ్ళో ఇంటి నంబర్లు వీధి ప్రకారం కాదు, పేట ప్రకారం. ఆరు పేటలు, ఒక్కోదాంట్లో ఒకటి నుంచి మొదలై వేలల్లోకి పోతాయి. మా బస కన్నరేజో పేటలో మూడు వేల చిల్లర నంబరు. మీ అత్త వెనక బండిలో సామాన్లతో వస్తోంది... బండి అన్నాను చూడండి, అక్కడ బండే లేదు, సైకిల్ కూడా లేదు, పడవలో వస్తోంది. నేను మొనగాణ్ణనుకుని ముందు నడిచి ఒక పెద్దాయనకి నంబరు ఒక్కటే చూపించాను. ఆయన నా మొహం చూసి పేట పేరేదో అడిగాడు, నేను తలూపాను, ఆయన కస్తెల్లో అనే ఇంకో పేట వైపు చెయ్యి చూపించాడు. ఆ నంబరు ఇల్లు అక్కడా ఉంది! ఎవరో అవ్వ కిటికీలోంచి తొంగి చూసింది. పెట్టె ఈడ్చుకుంటూ వెళ్ళింది పదకొండు వంతెనలు, ప్రతి వంతెనకీ మెట్లే, తిరిగి రావడానికి మళ్ళీ అవే పదకొండు. మీరు చిన్న సంచులతో వెళ్ళండి, చక్రాల పెట్టె వద్దు. గోడల మీద తెల్ల సున్నం దీర్ఘచతురస్రంలో నల్ల అక్షరాలతో వీధి పేర్లు రాసి ఉంటాయి, వాటిని నిసియొలేతి అంటారు, అంటే చిన్న దుప్పట్లని. రియో తెరా అని ఉంటే అది ఒకప్పటి కాలవ, పూడ్చి వీధి చేశారు. నాకు ఆ ఆట బాగా నచ్చింది, కనపడ్డ ప్రతి రియో తెరా దగ్గరా ఆగి నీళ్ళు ఎటు పోయేవో చూసుకునేవాణ్ణి, మీ నానమ్మ విసుక్కునేది.

గొండోలా పడవ ఎక్కాలని మారాం చేస్తారు. పగటి పూట అధికారిక రేటే అరగంటకి 90 యూరోలు, ఎక్కండి గానీ ఒక్కసారి చాలు. ఎక్కే ముందు దాన్ని ఎదురుగా నిలబడి చూడండి, వంకరగా కనపడుతుంది. ఒకే తెడ్డుతో ఒకే పక్క తోస్తారు కాబట్టి పడవ తిరిగిపోకుండా ఎడమ వైపు వెడల్పు పెంచి, కావాలనే వంకరగా చేస్తారు. గ్రాండ్ కెనాల్ అడ్డంగా దాటించడానికి త్రగెత్తో అని మన రేవు పడవ లాంటిది ఉంటుంది, అదీ గొండోలా తీరుదే, మనిషికి రెండు యూరోలు తీసుకున్నారు. వపొరెత్తో అనేది నీళ్ళ మీద ఆర్టీసీ బస్సు, ఒకటో నంబరు ఎక్కితే కాలవ పొడుగునా ప్రతి రేవులోనూ ఆగుతూ పోతుంది. అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత సాయంత్రం అయిదింటికే చీకటి. అప్పుడు ఎక్కి మేడల కిటికీలు చూడండి. చాలా వాటిలో దీపం ఉండదు. 1951లో ఈ లంకల మీద లక్షా డెబ్బై అయిదు వేల దాకా జనం ఉండేవాళ్ళు, ఇప్పుడు యాభై వేలు కూడా లేరు. వేసవిలో ఆ సందడికి ఇది తెలియదు.

మీరు రుద్రమదేవి గురించి చదువుకున్నారు కదా. రియాల్తో వంతెనకి దగ్గర్లో మిల్యోన్ పేరుతో ఒక చిన్న పెరడు లాంటి చోటు ఉంది, రుద్రమదేవి కాలం నాటి యాత్రికుడు మార్కో పోలో వాళ్ళ ఇల్లు అక్కడ ఉండేది. ఆయన మన మోటుపల్లి గురించి రాశాడు, ముత్ఫిలి అన్నాడు, సాలెగూడులాంటి సన్నటి బట్ట నేస్తారన్నాడు, లోయలోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయని, ఆ ముక్కల్ని గద్దలు ఎత్తుకొస్తాయని కథ కూడా చెప్పాడు. అక్కడి రాణి, అంటే మన రుద్రమదేవి, రాజుగారి భార్య అని రాశాడు, తప్పు, ఆవిడ గణపతిదేవుడి కూతురు. ఆ చోట నిలబడి ఈ తప్పు మీ అత్తకి చెబితే, "ఏడు వందల ఏళ్ళ తర్వాత దిద్దుతున్నావా నాన్నా" అంది.

వీలైతే నవంబర్ 11 కలిసొచ్చేలా చూడమనండి. ఆ రోజు సెయింట్ మార్టిన్ పండగ, మీ ఈడు పిల్లలు గిన్నెలు, మూతలు, గరిటెలు పట్టుకుని మోత మోగిస్తూ దుకాణం దుకాణానికీ తిరిగి మిఠాయిలు, చిల్లర అడుగుతారు. మా చిన్నప్పుడు దసరాకి అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగి పప్పుబెల్లాలు తెచ్చుకున్నది గుర్తొచ్చింది. గుర్రం మీద కూర్చున్న మనిషి ఆకారంలో పెద్ద బిస్కెట్టు అమ్ముతారు, పైన చక్కెర ముద్దలు, చాక్లెట్లు అతికించి ఉంటాయి. అంత పెద్దది కొనకండి, మేం కొన్నది మ్యూనిక్ దాకా మోసుకొచ్చాం. ఇంకో పది రోజులుంటే 21న సలూతె పండగ, 1630లో వచ్చిన ప్లేగు పోయినందుకు కట్టించిన చర్చి అది, ఆ రోజుకి కాలవ మీద తాత్కాలికంగా వంతెన వేస్తారు, ఊళ్ళోవాళ్ళు నడిచి వెళ్ళి కొవ్వొత్తి వెలిగిస్తారు. అది నేను చూడలేదు, మీరు చూస్తే నాకు రాయండి.

పాదాల కింద కాగితం పెట్టి పెన్సిల్‌తో గీసి, ఆ కాగితాలు మీ అమ్మతో నాకు పంపించండి. రబ్బరు బూట్లు ఇక్కడ మార్కెట్లో నేనే కొని పెడతాను, మోకాలి దాకా వచ్చేవి. పెద్దాడిది ఒక సైజు ఎక్కువ తీసుకుంటాను, వచ్చే నవంబర్‌కి కాలు పెరుగుతుంది.

మీ తాతయ్య