బస్సుకు కాపలా అడిగారు, నడిచే పిల్లాడి సంగతి మరిచారు: చైనాలోని జపాన్ కుటుంబాల ఆందోళన వెనుక 86 రోజులు

చైనాలో ఉంటున్న జపాన్ కుటుంబాలకు మళ్లీ హెచ్చరికలు అందాయి. 2025 నవంబరు 7న జపాన్ ప్రధాని సనాయె తకాయిచి పార్లమెంటులో తైవాన్ గురించి అన్న మాటలు బీజింగ్‌కు మంటెత్తించాయి. వారం తిరిగేసరికి జపాన్ ప్రయాణాలు పెట్టుకోవద్దని చైనా తన పౌరులకు చెప్పింది. ఆ వెంటనే బీజింగ్‌లోని జపాన్ ఎంబసీ తన వాళ్లకు జాగ్రత్తలు పంపింది. జనం గుమిగూడే చోట్లకు, జపనీయులు ఎక్కువగా వస్తారని పేరున్న చోట్లకు వెళ్లొద్దని, బయట చుట్టూ గమనించుకుంటూ ఉండాలని, పిల్లలు వెంట ఉంటే మరీ జాగ్రత్తగా ఉండాలని చెప్పింది.

దాంతో పాత తగువు మళ్లీ పైకొచ్చింది. చైనాకు బదిలీ అయిన ఉద్యోగిని భార్యాపిల్లలతో పంపాలా, ఒంటరిగా పంపాలా? కుటుంబంతో పంపితే వాళ్ల రోజువారీ బతుక్కి పూచీ ఎవరిది? కంపెనీదా, స్కూలు నడిపే సంఘానిదా, ప్రభుత్వానిదా?

ఈ తగువు మూలాలు వెతికేవాళ్లు సాధారణంగా 2012కు వెళతారు. జపాన్, చైనా రెండూ తమవే అనే సెన్‌కాకు దీవుల గొడవ, చైనా వీధుల్లో ఊరేగింపులు, పగిలిన జపాన్ షాపుల అద్దాలు అందరికీ తెలిసినవే. కానీ ఆ ఏడాది దాడులు ఎక్కువగా షాపుల మీద, కార్ల మీద, ఫ్యాక్టరీల మీద జరిగాయి. ఇప్పుడు తల్లిదండ్రులకు నిద్ర పట్టనివ్వని భయం వేరు. అది 2024లో జూన్ 24కు, సెప్టెంబరు 18కి మధ్య, ఆ 86 రోజుల్లో పుట్టింది.

జూన్ 24 మధ్యాహ్నం. షాంఘైకి పడమరన ఉన్న సుజౌ నగరం. జపనీస్ స్కూల్ బస్సు ఆగే స్టాపు దగ్గర పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఒక జపాన్ తల్లి మీద, ఆమె చిన్న కొడుకు మీద ఒకడు కత్తితో దాడి చేశాడు. తర్వాత బస్సులోకి ఎక్కబోయాడు. బస్సులో అటెండెంటుగా పనిచేస్తున్న చైనా మహిళ హు యౌపింగ్ వాడిని అడ్డుకుంది. వాడు ఆమెను పొడిచాడు. రెండు రోజులకు ఆమె చనిపోయింది. తల్లీ కొడుకూ బతికారు. హు యౌపింగ్ గౌరవార్థం బీజింగ్‌లోని జపాన్ ఎంబసీ తన జెండాను సగానికి దించింది. సుజౌ నగరం ఆమెకు సాహస పురస్కారం ప్రకటించింది. ఆ రోజు బస్సులోని పిల్లలకు, కత్తికి మధ్య నిలబడింది పోలీసూ కాదు, సెక్యూరిటీ గార్డూ కాదు. పిల్లల్ని ఎక్కించి దించే ఉద్యోగం చేసుకునే ఆవిడ.

ఆ బస్సు విలువ తెలియాలంటే అక్కడి కాపురం ఎలా సాగుతుందో కొంచెం చూడాలి. బదిలీ ఉత్తర్వు రాగానే కుటుంబానికి పనుల వరస మొదలవుతుంది. టీకాలు వేయించాలి, ఓడలో వెళ్లే సామాను, విమానంలో వెళ్లే సామాను విడదీయాలి, పిల్లల పాత స్కూలు నుంచి కాగితాలు తెచ్చుకోవాలి. మూడు నెలలు దాటి ఉండేవాళ్లు చిరునామాను ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో నమోదు చేసుకోవాలి, అది చట్టం. విదేశాల్లో జపాన్ పిల్లల చదువు కోసం 1971లో పెట్టిన ఫౌండేషన్ ద్వారా తొమ్మిదో తరగతి దాకా పాఠ్యపుస్తకాలు ఉచితంగా అందుతాయి. ఇల్లు వెతికిపెట్టేది సాధారణంగా జపనీస్ వచ్చిన ఏజెంటు. అద్దె చాలావరకు కంపెనీ కడుతుంది. ఒంట్లో బాగోకపోతే జపనీస్ మాట్లాడే డాక్టరున్న క్లినిక్ ఎక్కడుందో ముందే చెప్పి ఉంచుతారు.

ఇల్లు చూసేటప్పుడు తల్లి మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి, స్కూలు బస్సు ఇక్కడికి వస్తుందా అని. బస్సు రూటును బట్టి జపాన్ కుటుంబాలు కొన్ని అపార్టుమెంట్లలోనే గుంపుగా చేరతాయి. పొద్దున, సాయంత్రం ఆ గేటు దగ్గర కలిసే తల్లులే కొత్తగా వచ్చినావిడకు కూరగాయలు ఎక్కడ కొనాలో, ఫోన్‌లో డబ్బులు ఎలా కట్టాలో నేర్పుతారు. భాష రాని ఊళ్లో ఆమెకున్న మొదటి ఊతం ఆ బస్టాపు. సుజౌలో కత్తి దిగింది సరిగ్గా అక్కడే. కంపెనీ కొనిపెట్టగలిగిన సదుపాయాలన్నీ ఉన్న కుటుంబాలు కూడా ఆ రోజు వణికిపోయాయంటే కారణం అదే.

సుజౌ తర్వాత జపాన్ ప్రభుత్వం ఏం చేసింది? ఈ ప్రశ్న దగ్గరే టోక్యో మాట ఒకటి, తల్లిదండ్రుల మాట ఒకటి. టోక్యో చెప్పేదాని ప్రకారం, చైనాలోని జపనీస్ స్కూలు బస్సులకు గార్డుల కోసం సుమారు 35 కోట్ల యెన్ కావాలని విదేశాంగ శాఖ 2025 ఆర్థిక సంవత్సరపు బడ్జెట్‌లో అడిగింది. సెప్టెంబరు 18 దగ్గర పడుతుండగా స్కూళ్ల దగ్గర భద్రత పెంచమని చైనాను ముందుగానే కోరింది. రెండూ నిజమే.

కానీ తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే, జపాన్ ఆర్థిక సంవత్సరం మొదలయ్యేది ఏప్రిల్‌లో. దాడి జూన్‌లో, అడిగిన డబ్బు వచ్చే ఏడాది పద్దులో. పైగా ఆ డబ్బు బస్సుకు. జరిగింది బస్సు దగ్గర కాబట్టి ఆలోచనంతా బస్సు చుట్టూనే తిరిగింది. స్కూలుకు నడిచి వెళ్లే పిల్లల గురించి అందులో ఏమీ లేదు.

సెప్టెంబరు 18 చైనాలో మామూలు తేదీ కాదు. 1931లో అదే రోజున ముక్‌దెన్ దగ్గర రైలు పట్టాలు పేల్చి, దాన్ని సాకుగా చూపించి జపాన్ సైన్యం ఈశాన్య చైనాలోని మంచూరియాను ఆక్రమించడం మొదలుపెట్టింది. 2024లో ఆ రోజు పొద్దున దక్షిణ చైనాలోని షెన్‌జెన్ నగరంలో పదేళ్ల జపాన్ బాలుడు తల్లితో కలిసి నడిచి స్కూలుకు వెళుతున్నాడు. గేటుకు దాదాపు 200 మీటర్ల దూరంలో ఒకడు అతన్ని పొడిచాడు. మర్నాడు తెల్లవారుజామున ఆ పిల్లవాడు చనిపోయాడు.

నా దృష్టిలో ఈ మొత్తం తగువుకు కీలకం ఆ 200 మీటర్లే. బస్సుకు గార్డు జూలైలోనే వచ్చి ఉన్నా ఆ పిల్లవాడికి అక్కరకొచ్చేవాడు కాదు. స్కూలు లోపల సెక్యూరిటీ ఉంది, ఇంట్లో కంపెనీ సదుపాయం ఉంది. రెంటి మధ్య రోడ్డు మాత్రం ఎవరి పద్దులోనూ లేదు. బాలుడు చనిపోయాక ప్రభుత్వం వెంటనే సుమారు 4.3 కోట్ల యెన్ విడుదల చేస్తామంది. జూన్‌లో దొరకని అత్యవసర నిధి సెప్టెంబరులో ఎలా దొరికిందన్న ప్రశ్నకు తృప్తికరమైన జవాబు నాకు కనిపించలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. జపాన్ రాజ్యాంగం 26వ అధికరణం ప్రకారం నిర్బంధ విద్య ఉచితం. దేశం దాటితే ఆ హామీ వెంట రాదు. విదేశాల్లోని జపనీస్ స్కూళ్లు ప్రభుత్వ స్కూళ్లు కావు. స్థానిక జపనీయుల సంఘాలు, కంపెనీలు కలిసి నడిపేవి, ఫీజు వసూలు చేసేవి. ప్రభుత్వం టీచర్లను పంపుతుంది, భవనం అద్దెలో కొంత, భద్రతా ఖర్చులో కొంత భరిస్తుంది. యుద్ధం తర్వాత 1956లో బ్యాంకాక్‌లో మొదటి స్కూలు వచ్చినప్పటి నుంచి పద్ధతి ఇదే. చదువు బాధ్యత సగం సర్కారుది, సగం కంపెనీది, మిగిలిన రోజువారీ బతుకంతా కంపెనీది. 2022 జూన్‌లో పార్లమెంటు ఒక చట్టం చేసి, విదేశీ జపనీస్ స్కూళ్లలో విద్యను పెంపొందించే బాధ్యత ప్రభుత్వానికి ఉందని మొదటిసారి స్పష్టంగా రాసింది. రెండేళ్లు తిరిగేసరికి సుజౌ జరిగింది. చట్టంలో రాసిన ఆ బాధ్యత స్కూలు గేటు లోపలే ఆగుతుందా, ఇంటి దాకా వస్తుందా అన్నది అప్పటికి తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

ఖర్చెవరిదన్న పేచీ అంతకు ముందూ ఉంది. 2020 జనవరి చివర వూహాన్ నుంచి జనాన్ని తెచ్చేందుకు టోక్యో ప్రత్యేక విమానాలు పంపింది. అయిదు విడతల్లో 828 మంది వచ్చారు. మొదట ఒక్కొక్కరి దగ్గర సుమారు 80,000 యెన్ టికెట్ డబ్బు తీసుకుంటామన్నారు. విమర్శలు వచ్చాక ఆ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంది. ముందు మీ ఖర్చు మీదే అనడం, గొడవయ్యాక చేయందించడం అప్పుడే కనిపించింది.

షెన్‌జెన్ తర్వాత పెద్ద కంపెనీలు వేగంగా కదిలాయి. చైనాలోని తన ఉద్యోగులు, కుటుంబాలు కావాలంటే కంపెనీ ఖర్చుతో తాత్కాలికంగా జపాన్ వెళ్లిరావచ్చని పానాసోనిక్ ప్రకటించింది. కౌన్సెలింగ్ కూడా ఏర్పాటు చేసింది. ఇంకొన్ని సంస్థలు ఉద్యోగులను అప్రమత్తం చేశాయి. ఇవి మంచి పనులే. కానీ చైనాలోని జపనీయులంతా అలాంటి కంపెనీల వాళ్లు కారు. విడిభాగాలు చేసే చిన్న సంస్థలున్నాయి, సొంతంగా హోటలో సెలూనో పెట్టుకున్నవాళ్లున్నారు, స్థానికంగా ఉద్యోగంలో చేరినవాళ్లున్నారు, చైనీయులను పెళ్లి చేసుకుని అక్కడే స్థిరపడ్డవాళ్లున్నారు. పిల్లల్ని వెనక్కి పంపే విమానం టికెట్ వాళ్లకు ఎవరు కొంటారు? వాళ్ల గొంతు ఈ చర్చలో దాదాపు వినిపించదు.

చైనా చెప్పేది క్లుప్తంగా ఇది: ఇవి విడివిడి ఘటనలు, ఇలాంటివి ఏ దేశంలోనైనా జరగొచ్చు, విదేశీయులకు మా దేశం సురక్షితం. రెండు కేసుల్లోనూ 2025 జనవరిలో మరణశిక్షలు పడ్డాయి, ఏప్రిల్ నాటికి అమలయ్యాయి. షెన్‌జెన్ స్కూలు గేటు దగ్గర స్థానికులు రోజుల తరబడి పూలు పెట్టారు, అది కూడా చెప్పాలి. అయితే షెన్‌జెన్ హంతకుడు ఆ పిల్లవాడినే ఎందుకు ఎంచుకున్నాడు, తేదీకి దానికి సంబంధం ఉందా అన్నది జపాన్ పదే పదే అడిగినా చైనా అధికారులు విడమరిచి చెప్పలేదు. శిక్ష ఎంత త్వరగా పడినా, కారణం తెలియకపోతే మళ్లీ ఎక్కడ జాగ్రత్త పడాలో తల్లిదండ్రులకు తెలియదు.

తర్వాత జరిగింది చూడండి. 2025 జూలై 31న మళ్లీ సుజౌలోనే, ఈసారి మెట్రో స్టేషన్‌లో, పిల్లతో ఉన్న జపాన్ మహిళ మీద దాడి జరిగి ఆమె గాయపడింది. అక్కడ స్కూలు గేటు లేదు, బస్సు లేదు. అదే ఏడాది సెప్టెంబరు 18న చైనాలోని చాలా జపనీస్ స్కూళ్లు సెలవిచ్చాయి, లేదా ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పాయి. జాగ్రత్త ఎప్పుడూ కిందటి దాడి జరిగిన చోటికే చేరుతోంది. ఒక కుటుంబం ఊళ్లో మెసిలే దారుల్లో అది చిన్న ముక్క మాత్రమే.

అంకెలు ఈ భయాన్ని కొంతే చెబుతాయి. 2012లో చైనాలో 1,50,399 మంది జపనీయులుండేవారు. 2024 అక్టోబరుకు 97,538కి తగ్గారు. అందులో కొవిడ్, వ్యాపారం మందగించడం, గూఢచర్యం కేసుల్లో అరెస్టులు అన్నీ కలిసి ఉన్నాయి. 2024 నవంబరు 30 నుంచి చైనా జపనీయులకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదంది. ఉద్యోగిని నెలకోసారి పంపి పని ముగించుకునే వీలు కంపెనీలకు దాంతో పెరిగింది.

ఇల్లు మార్చే తలనొప్పి, స్కూలు ఫీజు, భద్రత అన్నీ తప్పుతాయి కాబట్టి ఒంటరి పోస్టింగ్ కంపెనీకి సులువు. కుటుంబానికి కాదు. జపాన్‌లో మగవాడు ఒంటరిగా వెళ్లడం, భార్య ఒక్కతే పిల్లల్ని, ముసలి తల్లిదండ్రుల్ని చూసుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఆ భారం తగ్గించాలనే, విదేశానికి బదిలీ అయిన భాగస్వామి వెంట వెళ్లే కేంద్ర ప్రభుత్వోద్యోగికి మూడేళ్ల దాకా జీతం లేని సెలవిచ్చే చట్టం 2014లో అమల్లోకి వచ్చింది. కుటుంబం కలిసి ఉండాలని ఒక పక్క చట్టాలు చేసి, భద్రత పేరుతో మరో పక్క విడదీస్తే నష్టపోయేది ఆ భార్యలే.

మన దగ్గరా ఈ పోలిక ఉంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కోబెల్కో ప్లాంట్లున్నాయి. అక్కడ పనిచేసే జపనీయుల్లో చాలామంది చెన్నైలో ఉండి రోజూ కార్లలో వచ్చిపోతారు, ఎందుకంటే వాళ్ల తిండి సరుకులు, పిల్లల చదువు, తోటి కుటుంబాలు అక్కడే ఉన్నాయి. ఫ్యాక్టరీకి భూమి, కరెంటు ఇచ్చినంత మాత్రాన కుటుంబం దిగదు. చైనాకు బదులుగా భారత్ అని మాట్లాడే మన ప్రభుత్వాలు ఈ సంగతి చూడాలి.

జపాన్‌లో బడ్జెట్ ఏడాది, చదువుల ఏడాది రెండూ ఏప్రిల్‌లోనే మొదలవుతాయి. బదిలీలు ఎక్కువగా అప్పుడే. అంటే చలికాలం ముగిసేలోపు చైనా పోస్టింగ్ వచ్చిన ప్రతి ఇంట్లో నిర్ణయం జరిగిపోవాలి. ఆలోపు తల్లిదండ్రులకు కావాల్సిన జవాబులు మూడు. బస్సు ఎక్కని పిల్లల్ని స్కూలుకు ఎవరు తీసుకెళతారు? పెద్ద కంపెనీల ఉద్యోగులకు దొరికే వెనక్కి వచ్చే టికెట్ చిన్న సంస్థల వాళ్లకు ఎవరిస్తారు? 2022 చట్టంలో రాసిన బాధ్యత గేటు బయట ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుంది? మొదటి రెంటికీ డబ్బు కావాలి. మూడోదానికి టోక్యోలో ఒక మంత్రి సంతకం చాలు.