అడుగుదాకా తిప్పి పొయ్యి

చిట్టికి, చిన్నోడికి,

దేవరకొండ నుంచి తాత రాసేది. ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. ఆరేసిన బట్ట ఆరడం లేదు, మీ నాయనమ్మ చిరాకు తగ్గడం లేదు. నేను మాత్రం కులాసాగా ఉన్నాను.

మొన్న ఫోన్‌లో చిన్నోడి జ్వరం ఎట్లుందని అడుగుతుంటే చిట్టి మధ్యలో దూరి ఒక ప్రశ్న వేసింది గుర్తుందా? "తాతా, జ్వరం మందు సీసా మీద బాగా కుదిపి వాడాలని రాశారు. దగ్గు మందు సీసా మీద అట్లా ఏం లేదు. ఎందుకు?" మీ నాన్న వెనక నుంచి "అయిపోయింది, ఇగ గంట చెప్తడు" అని నవ్విండు. నవ్వనీ. ముప్పై ఏళ్లు కాంపౌండర్‌గా సీసాలు కుదిపిన చేతులివి. ఈ ప్రశ్న నన్ను కాక ఎవర్ని అడుగుతారు? ఫోన్‌లో చెబితే సగం మీ టీవీ మింగేస్తుందని ఉత్తరం రాస్తున్నా.

ముందు ఒక పని చేయండి. అమ్మను పక్కన పెట్టుకుని, ఆ రెండు మందుల్నీ కొలత మూతల్లో కొంచెం కొంచెం పోసి కిటికీ దగ్గర పెట్టండి. మీ దగ్గు మందు వెనక వేలు పెడితే వేలు కనబడుతుంది. షర్బత్‌లో చక్కెర కరిగినట్టు మందు అందులో పూర్తిగా కరిగిపోయింది. మొదటి గుక్కలో ఎంత తీపో ఆఖరి గుక్కలోనూ అంతే. జ్వరం మందు వెనక వేలు కనబడదు. అందులో మందు కరగలేదు, సన్నటి పొడిగా తేలుతున్నది. పారాసిటమాల్ అంత తొందరగా నీళ్లకు లొంగే రకం కాదు. 5 మిల్లీలీటర్ల నీళ్లలో గట్టిగా కలిపితే 70 మిల్లీగ్రాముల దాకా కరుగుతుందేమో. చిట్టి వయసు పిల్లలకిచ్చే సీసాలో అదే 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు ఉండాలి. మిగతాది ఎక్కడికి పోవాలి? పొడిగానే ఉంటుంది. ఉండటం మంచిదే, ఎందుకంటే కరిగిన పారాసిటమాల్ చేదు నాలుకకు తెలుస్తుంది, కరగనిది అంతగా తెలియదు. చిన్నోడు ఊస్తాడన్న భయం కొంత తగ్గుతుంది.

చిక్కంతా ఏమిటంటే, పొడి పొడిగా ఉంటే మునుగుతుంది. ఇక్కడ నాకు అంబలి గుర్తుకొస్తున్నది.

నాకప్పుడు పదేళ్లు. 1966లో అనుకుంటా. మాకు ఆముదాల చేను, పక్కన జొన్న. కలుపు తీసే రోజు మా నాయనమ్మ తెల్లారకముందే లేచి జొన్న నూకలు ఉడకబెట్టి, నానబెట్టిన పిండి పోసి, తెడ్డుతో తిప్పి తిప్పి అంబలి కాచేది. అందులో ఉడికిన పిండే అసలు సంగతి. ఆ పిండి జిగురు నూకల్ని పట్టుకుని ఉంటుంది, కిందికి జారనివ్వదు. కుండ ఎత్తి పోస్తే ప్రతి డొప్పలోకీ నీళ్లూ నూకలూ కలిసే వస్తాయి. కుండ మోసుకుని పోయి మోదుగాకు డొప్పల్లో పోయడం నా డ్యూటీ.

ఒకరోజు ఎనిమిది మంది వస్తారనుకుంటే పద్నాలుగు మంది వచ్చారు. నాయనమ్మ ఏం చేస్తుంది? రెండు చెంబుల నీళ్లు పోసి కలిపి పంపింది. నేను చింతచెట్టు కింద కుండ దించి, వాళ్లు సాలు ముగించుకుని వచ్చేదాకా తొండల మీద రాళ్లు విసురుకుంటూ కూర్చున్నాను. వాళ్లొచ్చాక పోయడం మొదలుపెట్టా. తిప్పాలన్న ధ్యాసే లేదు. మొదటి నలుగురికీ తెల్లటి నీళ్లు. "ఏం పోస్తున్నవ్ పిలగా, కుడితా?" అన్నదొకామె. ఆఖరామె డొప్పలో మాత్రం కుండ వంచితే దబ్బున ముద్ద పడింది. "నాకు సంగటే దొరికింది పో" అని ఆమె నవ్వింది. ముందు తాగినోళ్లు నవ్వలేదు. ఎండలో వొంగి పనిచేసేవాళ్లకు నీళ్లు పోసినందుకు సాయంత్రం నాయనమ్మ చెవి పట్టుకుని, "అడుగుదాకా తిప్పి పొయ్యాలని తెల్వదా?" అన్నది. ఆ చెవి ఇప్పటికీ కొంచెం వెచ్చగానే ఉంటుంది.

మీ జ్వరం మందూ అంతే అనుకోండి. 60 మిల్లీలీటర్ల సీసాలో 5 మిల్లీలీటర్ల చొప్పున పన్నెండు మోతాదులుంటాయి. కుదపకుండా పోస్తే మొదటి రోజు కుడితి, ఆఖరి రోజు సంగటి. మొదటి రోజు చిన్నోడి జ్వరం దిగదు. ఆఖరి రోజు మోతాదు మించుతుంది, పారాసిటమాల్ మించితే కాలేయానికి దెబ్బ. అంబలిలో తేడా వస్తే తిట్లతో పోతుంది, మందులో అట్లా పోదు.

మందు తయారుచేసేవాళ్లు చేసేది రెండు పనులు. ఒకటి, పొడిని వీలైనంత సన్నగా నూరతారు. రెండు, మా నాయనమ్మ పిండి పోసినట్టు నీళ్లను చిక్కబరుస్తారు. జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ అనే ఆయన 1851లో దీనికి లెక్క కట్టాడు. రేణువు సైజు సగానికి తగ్గిస్తే అది మునిగే వేగం నాలుగో వంతు అవుతుంది. ద్రవం చిక్కదనం రెండింతలు చేస్తే వేగం సగమవుతుంది. పరీక్ష కోసం ఆ సూత్రం బట్టీ పట్టి మర్నాడే మరిచిపోయాను, మీకూ అక్కర్లేదు. మా నాయనమ్మకు ఏ సూత్రమూ తెలియదు, అంబలి మాత్రం బాగా కాచేది.

"మరి బాగా చిక్కగా చేసేస్తే అసలు మునగదు కదా తాతా?" అని చిట్టి అడుగుతుంది, నాకు తెలుసు. అప్పుడది అంబలి కాదు, గట్క. గట్కను సీసాలో పోసి చూడండి, బోర్లించి కొట్టినా రాదు. వచ్చినా సగం చెంచాకే అంటుకుని ఉంటుంది. కుదిపితే గాలి బుడగలు లోపలే ఇరుక్కుపోయి, కొలత మూతలో మందెంతో గాలెంతో తెలియదు. కడుపులోకి పోయాక కూడా ఆ జిగురులోంచి మందు బయటపడటం ఆలస్యం కావచ్చు. పలచగా ఉంటే ఒక తప్పు, చిక్కగా ఉంటే నాలుగు తప్పులు.

కావలసింది గమ్మత్తైనది. అల్మారాలో ఉన్నప్పుడు చిక్కగా ఉండాలి, కుదిపి వంచినప్పుడు పలచబడాలి, మళ్లీ పెట్టగానే చిక్కబడాలి. పిలిచినప్పుడు లేచి, మిగతాప్పుడు పడుకునే పెంపుడు కుక్కలాగా అన్నమాట. అట్లాంటి జిగురు ఉందా? ఉంది. క్సాంథన్ అని ఒకటి. అదెక్కడి నుంచి వస్తుందో వింటే నోరు వెళ్లబెడతారు. క్యాబేజీకి నల్ల కుళ్లు తెగులు తెచ్చే ఒక బాక్టీరియా ఉంది. దాన్ని పెద్ద తొట్లలో చక్కెర పెట్టి పెంచితే తన చుట్టూ జిగురు కక్కుతుంది. ఆ జిగురును ఎండబెట్టి పొడి చేస్తారు. ఆ బాక్టీరియా దాయాదే సాగర్ ఆయకట్టు వరికి ఎండాకు తెగులు తెచ్చేది. ఒకటి రైతును ఏడిపిస్తుంది, ఇంకొకటి పిల్లల మందును నిలబెడుతుంది. ఆ జిగురులో పొడవాటి దారాల్లాంటివి ఒకదాన్నొకటి చిక్కేసుకుని ఉంటాయట. కుదిపితే ఒక వరసలోకి వచ్చి దారిస్తాయి, ఆగగానే మళ్లీ చిక్కుపడతాయి. ఇన్నేళ్లు సీసాలు కుదిపాను కదా, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

మన దగ్గరివీ తక్కువేం కాదు. మీరు కంచం అంచుకు నెట్టేసే గోకరకాయ ఉంది చూడండి, దాని గింజల పొడి కూడా మందుల్ని చిక్కబరిచేదే. ఇంకొకటి తపసి బంక. మా నాన్నతో డిండి దాటి, అచ్చంపేట మీదుగా మన్ననూరు దాకా ఒకసారి పోయాను. పొద్దు గూకినాక అడవిలో తెల్లగా, నున్నగా నిలబడ్డ చెట్టును చూసి మనిషనుకుని నాన్న చెయ్యి పట్టుకున్నాను. తపసి చెట్టు బెరడు అట్లా మెరుస్తుంది. చెంచు పెద్దాయన ఒకాయన పెసరగింజంత బంక ముక్క నా చేతిలో పెట్టి, రాత్రి నీళ్లలో వెయ్యమన్నాడు. తెల్లారి చూస్తే ఉబ్బి కప్ప గుడ్ల ముద్దలాగా ఉంది! కరగలేదు, ఉబ్బింది. చెట్టుకు గాటు ఎక్కువ పెడితే చెట్టే చస్తుందని కూడా ఆయనే చెప్పాడు. కావలసినంతే తీసుకోవాలి, పిల్లలూ, చెట్టు దగ్గరైనా ఇంకెక్కడైనా. అదే బంకను పళ్లసెట్టు అతికించే పొడిలోనూ కలుపుతారు. నాకు ఆ పొడితో రోజూ పరిచయమే.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. 1979లో ఒక చిన్న ఆసుపత్రిలో కొత్తగా చేరాను. అప్పట్లో మందులు పెద్ద జాడీల్లో ఉండేవి. రోగులే సీసాలు తెచ్చుకునేవాళ్లు. మేం మందు పోసి, కాగితాన్ని మెట్లు మెట్లుగా కత్తిరించి సీసాకు అంటించేవాళ్లం. ఒక్కో మెట్టు ఒక్కో పూట. విరేచనాలకు కేయోలిన్ అనే తెల్లమన్ను కలిపిన మందు ఇచ్చేవాళ్లం. ఒక పొద్దున ఆ జాడీ తిప్పకుండానే వరసగా పోసిచ్చాను. చింతచెట్టు కింద చేసిన తప్పే, పదమూడేళ్ల తర్వాత. మర్నాడు ఒక ముసలాయన సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, "సారూ, ఇది సీసాలకెళ్లి వస్తలేదు. గోడకు పూసుకోమంటరా?" అన్నాడు. నేను తలెత్తలేదు.

పండగ సెలవులకు వదిలేసి వచ్చిన ఇంకో జాడీలో అడుగున మన్ను చెరువు ఒండ్రులాగా బిగుసుకుపోయింది. కర్రతో గీకినా రాలేదు. ఇక్కడొక వింత ఉంది. మెల్లగా, దేనికది విడివిడిగా మునిగే సన్న పొడే ఇట్లా గట్టిగా పేరుకుంటుంది. రేణువులు వదులు వదులుగా గుంపులు కడితే తొందరగా మునుగుతాయి, కానీ దూదిలాగా పొంగి కూర్చుంటాయి, నాలుగు సార్లు కుదిపితే లేస్తాయి. కాబట్టి మంచి మందంటే ఎప్పటికీ మునగనిది కాదు, మునిగినా పిలిస్తే లేచేది. ఆ వదులు గుంపుల్ని ఎట్లా కట్టిస్తారంటే, అందులో ఉప్పులూ కరెంటు గుణాలూ వస్తాయి... వద్దులెండి, మీ నాయనమ్మ అన్నానికి పిలుస్తున్నది.

అమ్మకు రెండు మాటలు చెప్పండి. మందు చిక్కగా ఉందని నీళ్లు కలపొద్దు, అది మా నాయనమ్మ పోసిన రెండు చెంబుల కథే అవుతుంది. నీళ్లు పోసి కలుపుకునే పొడి సీసా అయితే, కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకానే, అంతకు మించొద్దు. వంటింటి చెంచాలతో కాక సీసాతో వచ్చిన మూతతోనే కొలవాలి.

ఇప్పుడు మీ పని. అన్నం గిన్నెలో వండి గంజి వార్చమని అమ్మను బతిమాలండి, కుక్కర్ వద్దు. ఒక గాజు గ్లాసులో నీళ్లు, ఇంకోదాంట్లో చల్లారిన గంజి పోయండి. రెంటిలో చెంచా చెంచా ముగ్గుపిండి వేసి బాగా తిప్పి, కిటికీలో పెట్టి కదపకుండా వదిలేయండి. చిన్నోడు గడియారం చూడాలి, చిట్టి రాయాలి. నీళ్ల గ్లాసు పైన ఎప్పుడు తేటపడింది, గంజి గ్లాసు ఎంతసేపు ఆగింది, రాత్రి పడుకునే ముందు ఎట్లుంది, తెల్లారి ఎట్లుంది. ఆ తర్వాత రెంటి అడుగునా చెంచా పెట్టి చూడండి, ఏది మెత్తగా లేచిందో, ఏది బిగుసుకుందో. నాకు తెలుసనుకుంటున్నాను కానీ ముందే చెప్పను. ఆదివారం ఫోన్ చేసి మీరే చెప్పండి.

మీ తాత