ఇంగ్లండ్ పల్లెల్లో కాటేజ్ అద్దెకు తీసుకోవడం: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని కొండల ప్రాంతం పీక్ డిస్ట్రిక్ట్‌లో హాలిడే కాటేజ్‌ల, అంటే మనమే వండుకుని ఉండే సెలవుల అద్దె ఇళ్ల బుకింగులు, అతిథులు మారే రోజు ఏర్పాట్లు చూసుకోవడం నా పని. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో, పిల్లలకు హాఫ్ టర్మ్ సెలవులు ఇచ్చినప్పుడో మనవాళ్లు రెండు మూడు కుటుంబాలు కలిసి వస్తుంటారు. ఆ నాలుగు రోజులూ హాయిగా గడవాలని నాకు మనసారా ఉంటుంది. ఎక్కడ తేడా వస్తుందంటే, చాలామంది కాటేజ్‌ను హోటల్ అనుకుని వస్తారు.

అపోహ: “ఆరుగురికి అని రాసినా పదిమందిమి సర్దుకుంటాం. కింద పరుపులు వేసుకుంటే సరి.”

పెళ్లికి వచ్చిన చుట్టాలు హాల్లో వరసగా పడుకోవడం మనకు అలవాటే కాబట్టి ఈ మాట చాలా మామూలుగా అనేస్తారు. కానీ ఆ అంకె మంచాల లెక్క ఒక్కటే కాదు. పాత రాతి ఇంటికి తరచూ ఒకటే ఇరుకు మెట్ల దారి ఉంటుంది. అర్ధరాత్రి పొగ కమ్ముకుంటే లోపలున్నవాళ్లు ఎలా బయటపడతారో యజమాని ముందే అంచనా వేయాలి. 2023 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో ఆ అంచనాను పూర్తిగా రాసి ఉంచడం తప్పనిసరి. ఇన్సూరెన్స్ కూడా ఎంతమందికి అని చెప్పారో దాన్ని బట్టే ఉంటుంది.

ఇంకో సంగతి మురుగు. ఊరికి దూరంగా ఉన్న కాటేజ్‌ల్లో చాలావాటికి సెప్టిక్ ట్యాంకే దిక్కు. ఆరుగురికి సరిపోయే ట్యాంకులోకి పదిమంది స్నానాల నీళ్లు ఒక్కసారిగా వస్తే అడుగున పేరుకున్న మడ్డి కదిలి, బయటి పైపుల్లోకి కొట్టుకుపోతుంది. దానికి వెట్ వైప్స్ కూడా తోడైతే అందరి సెలవూ పాడే. చెప్పకుండా మనుషులను పెంచితే ఖాళీ చేయమనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. చంటిబిడ్డలను కొన్నిచోట్ల లెక్కలో వేయరు, అయినా ముందే అడగండి. పదిమంది ఉంటే పక్కపక్కనే రెండు కాటేజ్‌లు తీసుకోండి. పాత పశువుల కొట్టాలను ఇళ్లుగా మార్చిన ఫారాల దగ్గర ఇలాంటివి దొరుకుతాయి.

అపోహ: “ఆన్‌లైన్‌లో బుక్ చేశాం కదా, 14 రోజుల్లోపు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొస్తుంది.”

రాదు. ఆ హక్కు బ్రిటన్‌లో 2013 నాటి వినియోగదారుల నిబంధనల్లోనిది. ఫలానా తేదీలకని తీసుకున్న సెలవు వసతికి వర్తించదని ఆ నిబంధనలే చెబుతున్నాయి. ఇక బుకింగ్ షరతుల్లో ఏం రాశారో అదే. అమ్మానాన్నలకు వీసా ఇంకా రాకపోతే, వచ్చాకే డిపాజిట్ కట్టండి, లేదా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న కాటేజే చూసుకోండి.

అపోహ: “మన వంటలు చేస్తే యజమానులు ఊరుకోరు.”

వంటగది ఇచ్చేదే వండుకోవడానికి. ఇబ్బంది పొగతోనూ, నూనెతోనూ వస్తుంది. చాలా ఇళ్లలో వంటగదిలో ఉండేది వేడికి మోగే అలారం. పొగకు మోగేది బయట హాల్లో, మెట్ల దగ్గర ఉంటుంది. తలుపు బార్లా తీసి ఎండుమిర్చి పోపు వేస్తే ఆ ఘాటు హాల్లోకి పోయి ఇల్లంతా మోత మోగుతుంది. ముందు తలుపు మూసి, కిటికీ తెరిచి, పొయ్యి పైనున్న ఫ్యాన్ వేసి, అప్పుడు మూకుడు పెట్టండి. అలారానికి ప్లాస్టిక్ కవర్ తొడగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. రాత్రి అందరూ నిద్రలో ఉన్నప్పుడు మిమ్మల్ని లేపేది అదొక్కటే.

ఇండక్షన్ పొయ్యి మీద మామూలు అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. బయల్దేరే ముందే కుక్కర్ అడుగున ఫ్రిజ్ మాగ్నెట్ పెట్టి చూడండి, గట్టిగా అంటుకుంటే పనిచేస్తుంది. చెక్క గట్టు మీద పసుపు పడితే అప్పటికప్పుడే తుడిచేయాలి. వేయించగా మిగిలిన నూనెను సింకులో పోయకుండా, చల్లారాక ఖాళీ సీసాలోకి వంచి చెత్తబుట్టలో వేయండి.

అపోహ: “చెక్ ఇన్ నాలుగింటికి అంటారు గానీ, ఒంటిగంటకే వెళ్లినా తాళాలు ఇచ్చేస్తారు.”

ముందున్నవాళ్లు పదింటికి వెళ్తారు. మిగిలిన ఆరు గంటల్లోనే పక్క దుప్పట్లు, బాత్‌రూమ్‌లు, వంటగది, ఫ్రిజ్ అన్నీ అవ్వాలి. హాట్ టబ్ ఉంటే నీళ్లన్నీ వదిలేసి, కడిగి, మళ్లీ నింపుతాం. వెచ్చటి నీళ్లలో లీజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది మరి. వెయ్యి లీటర్లకు పైగా చన్నీళ్లు 38 డిగ్రీలకు రావాలంటే గంటలు పడుతుంది. మొదటి సాయంత్రం టబ్ ఇంకా వేడెక్కలేదంటే, మీకోసం కొత్త నీళ్లు పట్టారని అర్థం. త్వరగా బయల్దేరితే దారిలో ఇక్కడి బేక్‌వెల్ పట్టణంలో ఆగి భోంచేసి రండి.

అపోహ: “కారు లేకపోతే కుదరదు.”

చోటును బట్టి ఉంటుంది. పీక్ డిస్ట్రిక్ట్‌లోని ఈడేల్, హోప్ ఊళ్లకు షెఫీల్డ్-మాంచెస్టర్ లైన్లో రైలుంది. లేక్ డిస్ట్రిక్ట్‌లో విండర్‌మియర్‌కు, కాట్స్‌వోల్డ్స్‌లో మోర్టన్-ఇన్-మార్ష్‌కు కూడా స్టేషన్లున్నాయి. కారులో వచ్చేవాళ్లు పోస్ట్‌కోడ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. పల్లెల్లో ఒకే పోస్ట్‌కోడ్ కిందికి దూరదూరంగా ఉన్న ఫారాలు వస్తాయి. యజమాని పంపిన దారి వివరాలు ఫోన్లో సేవ్ చేసుకోండి, లోయలోకి దిగాక సిగ్నల్ ఉండకపోవచ్చు.

అపోహ: “కట్టెల పొయ్యిలోకి తోటలో రాలిన కొమ్మలు చాలు.”

రాలిన కొమ్మల్లో తేమ ఉంటుంది. తడి కట్టె సరిగా మండదు, చిమ్నీలో తారు పేరుస్తుంది. ఇంగ్లండ్‌లో 2021 మే నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం మించకూడదు. ‘రెడీ టు బర్న్’ గుర్తున్న సంచులు కొనండి.

అపోహ: “ఫొటోలు చూశాం, ఇల్లు ఎలా ఉంటుందో తెలిసిపోయింది.”

మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయో, దూలం తలకు తగులుతుందో లేదో ఫొటోల్లో కనబడదు. చారిత్రక కట్టడంగా నమోదైన ఇల్లయితే అనుమతి లేకుండా పాత మెట్లు, కిటికీలు మార్చే అధికారం యజమానికే ఉండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తుంటే డబ్బు కట్టకముందే అడగండి: కింద పడకగది ఉందా, బాత్‌రూమ్ కూడా కిందే ఉందా, స్నానానికి టబ్ అంచు దాటాలా లేక విడిగా షవర్ ఉందా, మెట్లకు పట్టుకునే కమ్మీ ఉందా. మెట్ల ఫొటో పంపమనండి. జవాబులన్నీ ఈమెయిల్‌లోనే తీసుకోండి.