మూడు మిల్లీమీటర్ల చిల్లులోంచి ఎముక కోత

"చిన్న చిల్లు పెట్టి వంకర ఎముకను సరిచేస్తారంట కదా నాయనా! ఇప్పుడు చేయించుకుంటే పెరటాసి శనివారాలకి అలిపిరి మెట్లెక్కొచ్చా?" అని ఆడి నెల చివర్లో, అంటే ఆగస్టు నడుమ, మా అత్త అడిగింది. పెరటాసి సెప్టెంబరు నడుమ మొదలవుతుంది. ఆమె కుడికాలి బొటనవేలు పక్కవేలి మీదికి ఒరిగింది. వేలి మొదలు దగ్గర ఉబ్బు, చెప్పు రాసుకుని ఎర్రబడుతుంది. మొక్కు తీర్చలేదని ఇలా అయిందని ఎవరో భయపెట్టారట. వయసైనావిడను అలా బెదిరించడం చాలా తప్పు. ఎక్కువమందికి ఇది పుట్టుకతో వచ్చిన పాదం తీరు, దానికి తోడు ఇరుకు చెప్పులు.

ఆ ఉబ్బు కొత్తగా పెరిగిన ఎముక కాదు. బొటనవేలి వెనకాల ఉన్న పొడుగాటి ఎముక పక్కకు జరగడంతో దాని కొన పొడుచుకొస్తుంది. అందుకని చెక్కేస్తే సరిపోదు. ఎముకను అడ్డంగా కోసి, కొనను లోపలికి నెట్టి, స్క్రూలు బిగించాలి.

ఇదంతా రెండు మూడు మిల్లీమీటర్ల చిల్లులోంచి ఎలా? చిత్తూరు వైపు బోరు వేయడం చూడనివాళ్లు ఉండరు. లోపల బండ నలిగితే ఆ పొడి పైకి రావాలి, లేకుంటే బిట్టు ఇరుక్కుంటుంది. ఇక్కడ బిట్టు పేరు బర్, సుమారు రెండు మిల్లీమీటర్ల మందం. అది తిరుగుతుంటే ఎముక పిండి రక్తంతో కలిసి, గులాబీ రంగు ముద్దలా చిల్లులోంచి బయటికొస్తుంది. దాన్ని సెలైన్‌తో కడిగేస్తారు. సెలైన్‌కి ఇంకో పని, చల్లబరచడం. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలితే చాలు, ఎముక కణాలు దెబ్బతింటాయి. తిరుపతి ఎండాకాలానికి అది మరీ దూరమేమీ కాదు! అందుకే పంటి డాక్టర్ డ్రిల్ నిమిషానికి లక్షల సార్లు తిరిగితే, బర్‌ని కొన్ని వేల సార్లకు మించకుండా, ఎక్కువ బలంతో తిప్పుతారు.

బోరు నేరుగా దిగుతుంది, బర్ మాత్రం పక్కలకూ ఊగాలి. ఇరుకుమూతి కుండలో గరిటె తిప్పినట్టు చెయ్యి పైకి పోతే కొన కిందికి పోతుంది. కోత కంటికి కనబడదు, ఎక్స్‌రే తెర మీదే చూడాలి. చెయ్యి తిరగడానికి చాలా సాధన కావాలి.

తోలు మీద గాయం త్వరగా మానుతుంది. కోసిన ఎముక అతుక్కోవడానికి మాత్రం ఆరు వారాలైనా పడుతుంది, వాపు నెలల తరబడి ఉండొచ్చు. అలిపిరి దారిలో 3,550 మెట్లు.

అత్త వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఇది తొందరపడి చేయించుకునే ఆపరేషన్ కాదని చెప్పాను. ఈ పెరటాసికి కొండకి బస్సులో వెళ్తానంది. ముందు వెడల్పు చెప్పులు కొనిపెట్టమంది.